ఫోర్ బై ఫోర్ కొనండి, కానీ ఆ 6 లక్షలు ముట్టుకోకండి

ప్రశ్న: నా వయసు 42. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. నా భార్య ఉపాధ్యాయురాలు. ఇద్దరికీ కలిపి నెలకు 1.65 లక్షలు చేతికి వస్తాయి. ఇంటి రుణం ఈఎంఐ 42 వేలు, ఇంటి ఖర్చులు 60 వేలు, పిల్లల చదువు కోసం సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) 15 వేలు. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి. బ్యాంకులో 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. 2017లో కొన్న కారుకు 3 లక్షలు వస్తాయంటున్నారు. లద్దాఖ్, స్పితి, ఈశాన్య రాష్ట్రాలు సొంత బండిలో కుటుంబంతో తిరగాలన్నది పదేళ్ల కోరిక. మహీంద్రా థార్ రాక్స్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండి) ఆన్‌రోడ్ ధర 22.8 లక్షలు అన్నారు. డిపాజిట్ తీసి డౌన్ పేమెంట్ కట్టి, మిగతాదానికి ఏడేళ్ల రుణం తీసుకోవాలనుకుంటున్నాను. అవసరమైతే సిప్ కొన్నాళ్లు ఆపుతాను. లేక మారుతి జిమ్నీతో సరిపెట్టుకోవాలా? ఢిల్లీ నుంచి పాత ఫార్చ్యూనర్ తెప్పించుకోమని స్నేహితుడు చెబుతున్నాడు. ఏది మేలు?

జవాబు: మీ కోరిక దుబారా అని నేను అనను. పాపకు ఇప్పుడు పదమూడేళ్లు ఉంటాయి. అమ్మానాన్నలతో కలిసి కొండలెక్కడానికి ఉత్సాహపడే వయసు ఇంకో నాలుగైదేళ్లే. అందుకే ఈ కోరికను పదవీ విరమణ దాకా వాయిదా వేయమని చెప్పను. కానీ మీరు వేసుకున్న లెక్కలో మొదటి అడుగే తప్పుగా పడింది.

ఆ 6 లక్షలు డౌన్ పేమెంట్ డబ్బు కాదు. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపితే మీకు నెలకు తప్పనిసరిగా కావలసింది లక్షా రెండు వేలు. ప్రైవేటు ఉద్యోగంలో ఉన్నవారికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. అంటే మీ డిపాజిట్ దాదాపుగా ఆ అవసరానికే సరిపోతుంది. దాన్ని షోరూంలో కట్టేస్తే, ఉద్యోగానికి ఏదైనా ఇబ్బంది వచ్చిన నెలలో మీ ఇంటి ముందు 22 లక్షల బండి ఉంటుంది గానీ ఖాతాలో ఈఎంఐ కట్టడానికి డబ్బుండదు.

ఇక రుణం. 16.8 లక్షలకు 9.5 శాతం వడ్డీతో ఏడేళ్లయితే నెలకు సుమారు 27,500 కట్టాలి. మొత్తం వడ్డీ దాదాపు 6.25 లక్షలు. అదే ఐదేళ్లయితే నెలకు 35,300, వడ్డీ 4.4 లక్షలు. ఏడేళ్లకు పెంచితే నెలవారీ భారం తగ్గుతుందన్నది నిజమే. అయితే ఐదేళ్లలో మీ పాప ఇంటర్ పూర్తి చేసుకుని కాలేజీలో చేరుతుంది. ఆ ఫీజులు కడుతూ మరో రెండేళ్లు బండి వాయిదా కూడా కట్టాలి. పైగా ఆ ఫీజుల కోసం మొదలుపెట్టిన సిప్‌నే ఆపుతానంటున్నారు. దయచేసి ఆపకండి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టిన వాక్యం అదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీకు ఫోర్ బై ఫోర్ ఎన్ని రోజులు అవసరం? హైదరాబాద్ నుంచి మనాలీ మీదుగా లేహ్ వెళ్లి రావాలంటే ఐదు వేల కిలోమీటర్లు దాటుతుంది. అందులో చాలా భాగం తారు రోడ్డే. రాక్స్, స్కార్పియో ఎన్ లాంటి బండ్లలో పొడి తారు రోడ్డు మీద నాలుగు చక్రాలకూ శక్తిని కలిపి నడపకూడదు. మలుపుల్లో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి కాబట్టి గేర్ల మీద ఒత్తిడి పడి పాడవుతాయి. అంటే హైవే పొడవునా అది టూ వీల్ డ్రైవ్ బండే. ఎక్కువ బరువు మోస్తుంది, ఎక్కువ డీజిల్ తాగుతుంది. లీటరుకు 11 కిలోమీటర్లు వేసుకున్నా, అటూ ఇటూ తిరగడంతో కలిపి 5,500 కిలోమీటర్లకు 500 లీటర్లు కావాలి. లీటరు 90 రూపాయలు వేసుకున్నా ఒక్క డీజిల్‌కే 45 వేలు.

వేసవిలో లేహ్ దగ్గరి ఖార్‌దుంగ్‌లా కనుమకు గానీ, కిన్నౌర్ మీదుగా స్పితిలోని కాజాకు గానీ నేలకు తగినంత ఎత్తున్న మామూలు కార్లు వెళ్తూనే ఉంటాయి. మనాలీ నుంచి స్పితి వెళ్లే దారిలో గ్రాంఫూ నుంచి బాతల్ వరకు రాళ్లూ వాగులే. మధ్యాహ్నం ఎండకు మంచు కరిగి వాగుల్లో నీరు పెరుగుతుంది. అక్కడ లో రేంజ్ గేరు (వేగం తగ్గించి లాగే శక్తిని పెంచేది) ప్రాణానికి హాయినిస్తుంది. మంచు కురిసిన రోజుల్లో మనాలీ దాటి సోలాంగ్, అటల్ సొరంగం వైపు వెళ్లాలంటే పోలీసులు చాలాసార్లు ఫోర్ బై ఫోర్‌లనే వదులుతారు. దానికి నిజమైన అవసరం అలాంటి చోట్లే, అలాంటి రోజుల్లోనే. మారేడుమిల్లి దగ్గరి గుడిస కొండ, మడికేరి దగ్గరి మందలపట్టి లాంటి చోట్ల స్థానిక జీపులు దొరుకుతాయి. ఆ దారిలో ఏ రాయి ఎక్కడుందో ఆ డ్రైవర్లకు తెలుసు. సొంత బండి ఉన్నా అక్కడ నేను వాళ్ల జీపే ఎక్కుతాను.

ఈ లెక్క మిమ్మల్ని వెనక్కి లాగడానికి కాదు. ఫోర్ బై ఫోర్ కోసం అదనంగా ఎంత కడుతున్నారో తెలియాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి మారిన జీఎస్టీలో, 4 మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ ఇంజిన్ ఉన్న కార్లకు 18 శాతం, వాటికన్నా పెద్దవాటికి 40 శాతం. అందుకే మూడు తలుపుల థార్‌లో 1.5 లీటర్ల డీజిల్ టూ వీల్ డ్రైవ్ తక్కువ పన్నులోకి వచ్చింది, ఫోర్ బై ఫోర్ 40లోనే ఉంది. జిమ్నీ పొట్టిదే, కానీ పెట్రోల్ కార్లకు హద్దు 1200 సీసీ, దాని ఇంజిన్ 1462. కనుక దానికీ 40 శాతమే. దాని మీద మన దగ్గర జీవితకాల పన్ను కూడా కట్టాలి. థర్డ్ పార్టీ బీమా కూడా చూడండి. 2022లో నిర్ణయించిన రేట్ల ప్రకారం కొత్త కారుకు మూడేళ్ల ప్రీమియం 1000 నుంచి 1500 సీసీ వరకు 10,640 రూపాయలు. ఆ హద్దు దాటితే 24,596.

జిమ్నీ సంగతి చెబుతాను. కొండ దారిలో అంత తేలికగా ఎక్కే బండి ఆ ధరలో మరొకటి లేదు. దంపతులిద్దరే అయితే సంకోచించకుండా అదే కొనమనేవాడిని. మీరు నలుగురు. అందులో సీట్లు సరిగ్గా నాలుగే, వెనుక సామాను చోటు 208 లీటర్లు. పదిహేను రోజుల ప్రయాణానికి చలి దుస్తులు, పెట్టెలు పైకప్పు మీద కట్టుకోవాలి. పిల్లలు ఎదుగుతున్నారు కూడా. మీకు సరిపడదు.

ఫార్చ్యూనర్ విషయంలో మీ స్నేహితుడి మాట సగమే నిజం. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఢిల్లీలో ఉన్న ఆంక్షల వల్ల అక్కడ ఆ వయసుకు దగ్గరపడిన బండ్లు చవకగా కనిపిస్తాయి. అయితే అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి. బండి వయసును బట్టి అది తగ్గుతుంది గానీ తప్పదు. టైర్లు, క్లచ్, సస్పెన్షన్ ఖర్చులు మాత్రం పాత ధరకు తగ్గట్టు తగ్గవు. కొత్త ఫార్చ్యూనర్ కొనగలవారికి ఎంత అవుతాయో మీకూ అంతే. ఇంకో ముఖ్యమైన సంగతి, ఫార్చ్యూనర్లలో టూ వీల్ డ్రైవ్ బండ్లు చాలా ఉంటాయి. స్కార్పియో ఎన్, థార్, రాక్స్ అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. రూపం చూసి మోసపోకండి. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే భాగం) ఉందో లేదో వేరియంటు పేరుతో సహా సరిచూసుకోండి.

మీ పరిస్థితిలో నేనైతే ఇలా చేస్తాను. సిప్ కట్టాక మీకు నెలకు 48 వేలు మిగులుతాయి. ఈ నెల నుంచే 30 వేలతో 18 నెలల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. చివరికి 5.6 లక్షల వరకు అవుతుంది. కొత్త బండి వాయిదా ఎలా ఉంటుందో అప్పు లేకుండానే ఇల్లంతటికీ అనుభవంలోకి వస్తుంది. ఆరు నెలలకే ఊపిరాడకపోతే, ఆ సంగతి ఇప్పుడే తెలియడం మేలు. ఈలోగా మిగిలే 18 వేలల్లోంచి కూడబెట్టి వచ్చే వేసవిలో మనాలీ దాకా రైలు, బస్సుల్లో వెళ్లి, అక్కడ డ్రైవరుతో సహా ఫోర్ బై ఫోర్ మాట్లాడుకుని కాజా వెళ్లిరండి. అంత ఎత్తున పిల్లల ఒంటికి ఎలా ఉంటుందో, రోజుకు ఎనిమిది గంటలు కుదుపుల్లో కూర్చోవడం మీ భార్యకు నచ్చుతుందో లేదో ఒక్క ప్రయాణంలో తేలిపోతుంది. లేహ్ అయితే బయటి ఊళ్ల అద్దె కార్లను అక్కడ స్థానికంగా తిరగనివ్వరు, లేహ్‌లోనే టాక్సీ మాట్లాడుకోవాలి.

18 నెలల తర్వాత కూడా కోరిక అలాగే ఉంటే, పాత కారు అమ్మిన 3 లక్షలు కలిపి చేతిలో 8.6 లక్షలు ఉంటాయి. హద్దు 14 లక్షలు పెట్టుకుని, మూడు నాలుగేళ్లు వాడిన స్కార్పియో ఎన్ డీజిల్ ఫోర్ బై ఫోర్ వెతకండి. బీమా సంస్థలు విలువ కట్టే పద్ధతిలో మూడేళ్లు దాటిన బండికి 40 శాతం తరుగు వేస్తారు. బజారు ధర అంతగా పడకపోయినా, మొదటి మూడేళ్ల తరుగులో పెద్ద ముక్కను, జీవితకాల పన్నును మొదటి యజమానే భరించి ఉంటాడు. మిగతాది కాస్త ఎక్కువగా 5.5 లక్షలనుకుని, దానికి పాత బండ్ల వడ్డీ 11 శాతం వేసుకున్నా, నాలుగేళ్లకు ఈఎంఐ 14,200. అప్పటికే నెలకు 30 వేలు పక్కన పెట్టడం అలవాటై ఉంటుంది. మిగిలే 15,800 ప్రయాణాల ఖాతాలో వేయండి. ఏడాదికి దాదాపు 1.9 లక్షలు. ఏటా ఒక పెద్ద ప్రయాణానికి డీజిల్, బస, టైర్లు అన్నీ అందులోంచే వస్తాయి. నెలకు 27,500 కట్టే దారిలో బండి ఉంటుంది, తిరగడానికి డబ్బు కరవవుతుంది. మీరు అడిగింది తిరగడానికి కదా.

కొనే ముందు బండిని ర్యాంపు ఎక్కించి కింద తుప్పు, దెబ్బలు, ఆయిల్ కారడం చూడండి. మట్టి నేల మీద లో రేంజ్ వేసి నడిపించండి. యజమాని వద్దంటే ఆ బండి వదిలేయండి. పెద్ద టైర్లు, ఎత్తు పెంచే కిట్లు, ముందు ఇనుప బంపర్లు ఉన్నవాటికి దూరంగా ఉండండి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. క్లెయిమ్ సమయంలో బీమా సంస్థ మొదట పట్టుకునేది కూడా దాన్నే. బీమాలో ఇంజిన్ రక్షణ తప్పక చేర్చుకోండి. వాగు దాటేటప్పుడు ఇంజిన్‌లోకి నీరు వెళ్లి ఆగిపోతే మామూలు పాలసీ ఆ నష్టాన్ని సాధారణంగా ఇవ్వదు. ఈశాన్యం వెళ్లినప్పుడు భూటాన్‌లోకి కూడా దాటాలనుకుంటే, బయలుదేరే ముందే ఆ దేశానికి పాలసీని పొడిగించుకోవాలి.