థైరాయిడ్ గడ్డ పెరుగుతోంది, ఐరన్ తగ్గుతోంది... ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38. ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. రెండేళ్ల కిందట మెడ స్కానింగ్‌లో థైరాయిడ్ కుడివైపున 14×10×9 మి.మీ. గడ్డ ఉందన్నారు. మొన్న మళ్లీ తీయిస్తే 19×13×11 మి.మీ. అయింది, టి-రాడ్స్ 3 అని రాశారు. టీఎస్‌హెచ్ 2.8 వచ్చింది. హిమోగ్లోబిన్ 9.8, ఫెరిటిన్ 6. బాగా నీరసం, మెట్లెక్కితే ఆయాసం, దువ్వెన పెడితే చాలు జుట్టు ఊడివస్తోంది. ఐరన్ మాత్రలు ఇచ్చారు కానీ మలబద్ధకం వచ్చి వారానికే మానేశాను. గ్యాస్ మాత్ర చాలాకాలంగా రోజూ పొద్దున్నే వేసుకుంటాను, జుట్టు కోసం బయోటిన్ కూడా వాడుతున్నాను. గడ్డే రక్తమంతా తాగేస్తోందని మా అత్తగారు అంటున్నారు. గడ్డ కరగాలంటే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఆపరేషన్ తప్పదా? మార్చిలో పదో తరగతి పిల్లల పరీక్షలున్నాయి, అవయ్యేదాకా ఆగొచ్చా?

జవాబు: ముందుగా మీ అత్తగారి మాట తేల్చేద్దామమ్మా. గడ్డ రక్తాన్ని తాగదు, ఐరన్‌ని లాక్కోదు. అంత చిన్న గడ్డ వల్ల హిమోగ్లోబిన్ 9.8కి పడిపోవడం జరగదు. మీ నీరసం, ఆయాసం, జుట్టు రాలడం కూడా గడ్డ వల్ల కాదు, ఎందుకంటే టీఎస్‌హెచ్ 2.8 అంటే మీ థైరాయిడ్ తన పని తాను సరిగ్గానే చేసుకుంటోంది (బయోటిన్ సంగతి ఒకటుంది, దాని దగ్గరికి వస్తాను). మీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది ఏమిటంటే, మీ భయమంతా గడ్డ మీద ఉంది, మిమ్మల్ని రోజూ పీడిస్తున్నది మాత్రం ఐరన్ లోపం. గడ్డ గురించి మూడు ప్రశ్నలు అడిగారు, ఐరన్ మాత్ర మానేశానని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. నేను వైద్యం మొదలుపెట్టేది మాత్రం అక్కడి నుంచే.

మన దగ్గర రక్తం తక్కువగా ఉండటాన్ని ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. 'బ్లడ్ పది పాయింట్లే ఉందట' అని నవ్వుతూ చెప్పుకుంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చూస్తే 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో తెలంగాణలోనూ ఆంధ్రలోనూ సగానికి పైగా రక్తహీనతతోనే ఉన్నారు. ఇంట్లో అందరికీ ఉంది కాబట్టి ఇది మామూలే అనిపిస్తుంది. గర్భం లేని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనతే. ఇక ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచిపెట్టుకున్న ఐరన్ నిల్వ. హిమోగ్లోబిన్ వంటింట్లో బియ్యం డబ్బా అనుకుంటే ఫెరిటిన్ వెనక గదిలోని గాదె, ముందు ఖాళీ అయ్యేది గాదే. ఫెరిటిన్ 15 కన్నా తక్కువుంటే నిల్వలు అయిపోయినట్టే లెక్క, 30 లోపున్నా చాలామంది డాక్టర్లు లోపంగానే చూస్తారు. మీది 6.

మీ ఉత్తరంలో లేని మాట ఒకటుంది. నెలసరి ఎలా వస్తోందో మీరు రాయలేదు. మీ వయసులో ఐరన్ ఇంతగా పడిపోతే నేను అడిగే మొదటి ప్రశ్న అదే. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా, రక్తం గడ్డలు గడ్డలుగా పడుతోందా, ఏడు రోజులు దాటుతోందా, స్కూల్లో ఉన్నప్పుడు చీరకు అంటుతుందేమోనని ఆ రోజుల్లో ముదురు రంగువే కట్టుకుంటున్నారా? వీటిలో ఒక్కటి నిజమైనా గైనకాలజిస్టును కలిసి పొత్తికడుపు స్కానింగ్ చేయించుకోండి. ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డలు), గర్భసంచి లోపలి పొర మందంగా ఉండటం లాంటివి బయటపడొచ్చు. కారణం వదిలేసి మాత్రలు మింగుతూ పోతే నెలంతా ఎక్కించుకున్నది ఆ నాలుగైదు రోజుల్లో పోతుంది. నెలసరి మామూలుగానే ఉంటే అప్పుడు కడుపు, పేగుల వైపు చూడాలి: మలం నల్లగా వస్తోందా (ఐరన్ మాత్ర వేసుకున్నప్పుడు నల్లగా రావడం మామూలే, దానికి కంగారు పడొద్దు), మొలలున్నాయా, నొప్పి మాత్రలు ఎక్కువగా వాడుతున్నారా, కడుపులో పుండు ఉందా అని. ఒకసారి బి12 కూడా చూపించుకోండి, మీరు శాకాహారులైతే తప్పకుండా.

ఇంకో ప్రశ్న, సిగ్గుపడకుండా జవాబు చెప్పుకోండి. పచ్చి బియ్యం గుప్పెడు తీసుకుని నమలాలనిపిస్తోందా? బలపాలు, చాక్‌పీసు ముక్కలు, ఫ్రిజ్‌లో ఐసు? స్కూలు టీచర్లలో చాక్‌పీసు కొరికేవాళ్లను నేను చూశాను, ఎవరికీ చెప్పరు. అది చెడ్డ అలవాటేం కాదు, చాలాసార్లు ఐరన్ లోపానికి గుర్తు, ఐరన్ నిండగానే ఆ కోరిక దానంతటదే పోతుంది.

ఇప్పుడు మాత్రల సంగతి. మలబద్ధకం వచ్చి మానేసిన మొదటి మనిషి మీరు కాదు. ఐరన్ మాత్ర వేసుకున్న రోజు ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, మర్నాడు వేసుకునే మాత్రలోని ఐరన్‌ని సరిగ్గా లోపలికి పోనివ్వదు. అలా లోపలికి పోని ఐరన్ పేగుల్లో ఉండిపోయి కడుపు ఉబ్బరం, మలబద్ధకం తెస్తుంది. అందుకే ఇప్పుడు చాలామందికి రోజు విడిచి రోజు ఒక్క మాత్ర ఇస్తున్నాం. బాధలు తగ్గుతాయి, వేసుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఒంటికి పడుతుంది. మీ డాక్టర్‌ని ఇదే అడగండి. పరగడుపున, నిమ్మరసం నీళ్లతో. టీ, కాఫీ, పాలు కనీసం గంట ముందు వెనకల్లో ఉండకూడదు, క్యాల్షియం మాత్రయితే ఇంకా దూరంగా, రాత్రికి పెట్టుకోండి. టిఫిన్ తింటూ పక్కన టీ గ్లాసు పెట్టుకుని ఐరన్ మాత్ర మింగితే ఆ మాత్రలో సగం కూడా మీది కాదు.

మీ గ్యాస్ మాత్ర కూడా ఇందులో దోషే. ఐరన్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి, ఆ మాత్ర చేసే పనే ఆమ్లాన్ని తగ్గించడం. అది ఎందుకు మొదలుపెట్టారో, ఇప్పటికీ అవసరమో కాదో డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించండి. ఒక్కసారిగా ఆపితే మంట రెట్టింపుగా తిరిగొచ్చినట్టుంటుంది, మళ్లీ అదే మాత్ర దగ్గరికి పరుగెత్తుతారు.

తిండితోనే సరిపోతుందా అని మీరు అడగకపోయినా ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందన్నది మన నమ్మకం, అందులో ఐరన్ కొంచెమే. దానిమ్మ కూడా అంతే. తోటకూర, మునగాకు, నువ్వులు, ఉలవలు, శనగలు తినండి, పైన నిమ్మకాయ పిండుకోండి. మాంసం తినేవాళ్లయితే మటన్, కార్జం వారానికోసారి పెట్టుకుంటే మంచిది, మాంసంలోని ఐరన్ ఒంటికి త్వరగా పడుతుంది. కానీ ఫెరిటిన్ 6 ఉన్న మనిషికి తిండి ఒక్కటే చాలదు. మాత్ర సరిగ్గా పడితే మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక పాయింటు పెరగాలి. పెరిగి 12 దాటాక 'ఇక బాగుంది' అని ఆపకండి, గాదె నిండడానికి ఇంకో మూడు నెలలు వాడాలి. మాత్ర అస్సలు పడకపోయినా, నెలసరిలో పోయేది ఎక్కువగా ఉన్నా సెలైన్‌లో కలిపి ఐరన్ ఎక్కించే పద్ధతి ఉంది, ఆసుపత్రిలోనే చేయించుకోవాలి. అన్నట్టు, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఐరన్ మాత్రలు వాళ్లకు అందకుండా పెట్టండి, చాక్లెట్లనుకుని నాలుగైదు మింగితే ప్రాణం మీదికొస్తుంది.

ఇక గడ్డ. మీ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూస్తే పెరిగిందన్నది నిజమే. కనీసం రెండు కొలతలు 20 శాతం పైగా, కనీసం 2 మి.మీ. పెరిగితే నిజమైన పెరుగుదలగా లెక్కిస్తాం. మీకు మూడు కొలతలూ పెరిగాయి. అయితే రెండుసార్లూ ఒకే చోట, ఒకే డాక్టర్ తీశారా? ఒకే గడ్డను ఇద్దరు కొలిస్తే ఒకటి రెండు మి.మీ. తేడా రావడం మామూలే. ఇకపై ఒకే చోట తీయించుకోండి, పాత రిపోర్టు చేత్తో పట్టుకెళ్లండి.

పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. మామూలు గడ్డలు కూడా నెమ్మదిగా పెరుగుతాయి. ఇటలీలో అనుమానం లేని గడ్డలున్న దాదాపు వెయ్యి మందిని ఐదేళ్లు గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో వందకు 15 మందికి గడ్డ పెరిగింది, క్యాన్సర్ తేలింది మాత్రం మొత్తం గడ్డల్లో 0.3 శాతంలోనే. టి-రాడ్స్ అంటే స్కానింగ్‌లో గడ్డ కనిపించే తీరును బట్టి క్యాన్సర్ అనుమానం ఎంతో 1 నుంచి 5 వరకు అంకెల్లో చెప్పే లెక్క. మీ గడ్డకు రాసిన 3 అంటే అనుమానం కొద్దిగానే ఉందని అర్థం.

అయినా నేనైతే సూది పరీక్ష (సూదితో గడ్డలోంచి కణాలు తీసి చూడటం) చేయించుకోమనే చెబుతాను. అమెరికా రేడియాలజిస్టుల లెక్క ప్రకారం టి-రాడ్స్ 3 గడ్డ 2.5 సెం.మీ. దాటితేనే సూది వేయాలి, మీది అంత లేదు. అదే అమెరికా థైరాయిడ్ సంఘం 2015 మార్గదర్శకాలైతే ఇలాంటి, నీటి తిత్తి కాని గట్టి గడ్డకు 1.5 సెం.మీ. నుంచే ఆలోచించమన్నాయి. ఈ రెండింటి మధ్యలో మీరున్నారు, పైగా రెండేళ్లలో ఇంత పెరిగింది, పైగా రాత్రిళ్లు నిద్రపట్టకుండా దాని గురించే ఆలోచిస్తున్నట్టున్నారు. మీ డాక్టర్ ఇంకో ఆరు నెలలో ఏడాదో చూద్దామంటే అదీ తప్పు కాదు.

సూది పరీక్ష అంటే భయపడేంత ఏం లేదు. రక్తం తీసే సూది కన్నా సాధారణంగా సన్నగానే ఉంటుంది. పడుకోబెట్టి, భుజాల కింద దిండు పెట్టి, మెడ వెనక్కి వాల్చి, స్కానింగ్‌లో చూస్తూ గుచ్చుతారు. ఆ కొద్ది క్షణాలు మాట్లాడొద్దు, గుటక వేయొద్దు అంటారు, అదే అన్నిటికన్నా కష్టం! కాసేపు కూర్చోబెట్టి ఇంటికి పంపేస్తారు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. సూది గుచ్చితే గడ్డ క్యాన్సర్‌గా మారుతుందన్న మాట మీ చెవిన కూడా పడే ఉంటుంది, అందులో నిజం లేదు. రిపోర్టు బెథెస్డా అనే లెక్కలో 1 నుంచి 6 వరకు ఏదో ఒక అంకెతో వస్తుంది. 2 అంటే మామూలు గడ్డ, స్కానింగ్‌తో గమనిస్తూ ఉండటమే. 1 అంటే కణాలు చాల్లేదని, మళ్లీ తీయాలి. 3, 4 వస్తే అటూ ఇటూ కాని పరిస్థితి, ఇంకో పరీక్షో సగం గ్రంథి తీయడమో మాట్లాడాలి. 5, 6 వస్తే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ శాతం నెమ్మదిగా పెరిగేవే, బాగా నయమయ్యేవే.

అంటే ఆపరేషన్ తప్పదా అన్న మీ ప్రశ్నకు ఇవాళ్టి జవాబు: ఇప్పటికి అవసరం కనిపించడం లేదు. ఒకవేళ ఎప్పుడైనా అవసరమైతే అప్పటికి హిమోగ్లోబిన్ పెంచుకుని ఉండటం మీకే మేలు, 9.8తో మత్తు ఇవ్వడానికి ఏ డాక్టరూ ఇష్టపడరు. ఇంకోటి, మీరు టీచర్. గొంతు పెట్టెలోకి వెళ్లే నరం థైరాయిడ్ వెనక నుంచే పోతుంది, ఆపరేషన్‌లో దానికి దెబ్బ తగిలితే గొంతు పాడవుతుంది, కాబట్టి ఎవరైనా 'చిన్న ఆపరేషనే, తీసేద్దాం' అని తొందరపెడితే ఎందుకు అని గట్టిగా అడగండి.

గడ్డ కరగడానికి థైరాయిడ్ మాత్ర వద్దు. టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నవాళ్లకు ఒకప్పుడు ఇచ్చేవాళ్లు, ఇప్పుడు మానేశాం. గడ్డ పెద్దగా తగ్గదు సరికదా, గుండె దడ, ఎముకలు బలహీనపడటం లాంటివి తెచ్చుకున్నట్టవుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయమని కూడా చెప్పే ఉంటారు, ఉడికించి మామూలుగా తింటే ఏమీ కాదు. ఉప్పు మాత్రం అయోడిన్ ఉన్నదే వాడండి, సైంధవ లవణం మీదికి మారిపోకండి.

బయోటిన్ దగ్గరికి వద్దాం. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని ల్యాబుల్లో టీఎస్‌హెచ్ ఫలితాన్ని ఉన్నదాని కన్నా తక్కువగా చూపిస్తుంది, థైరాయిడ్ తయారుచేసే టీ4 హార్మోనును ఎక్కువగా చూపిస్తుంది. కాబట్టి బయోటిన్ మూడు రోజులు ఆపి టీఎస్‌హెచ్ ఇంకోసారి చేయించండి, పనిలో పనిగా యాంటీ టీపీఓ (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌పై దాడి చేస్తోందా అని చూసే రక్తపరీక్ష) కూడా. టీఎస్‌హెచ్ నిజానికి ఎక్కువే ఉందని తేలితే కథ కొంచెం మారుతుంది, ఎందుకంటే టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ మందగించినట్టు, థైరాయిడ్ మందగిస్తే నెలసరిలో రక్తం ఎక్కువ పోవచ్చు. ఇటు ఐరన్ తగ్గితే థైరాయిడ్ హార్మోను తయారీ కూడా కుంటుపడుతుంది, అదే మీ రెండు సమస్యల మధ్య ఉన్న చుట్టరికం. అప్పుడు థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే దానికీ ఐరన్ మాత్రకూ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. జుట్టు మాత్రం ఐరన్ నిండాక కూడా రాలడం ఆగడానికి కొన్ని నెలలు పడుతుంది, బయోటిన్ డబ్బాలు మార్చి మార్చి కొనకండి.

పరీక్షలయ్యేదాకా ఆగొచ్చా అన్నారు. సూది పరీక్షకు సెలవు పెట్టాల్సిన పనే లేదు, ఒక శనివారం మధ్యాహ్నం చాలు, ఏప్రిల్ దాకా ఆగినా మీ విషయంలో కొంపలేం మునగవు. కానీ గడ్డ వారాల్లోనే ఉబ్బినా, మింగుతుంటే అడ్డుపడుతున్నా, పడుకుంటే ఊపిరాడకపోయినా, మెడ పక్కన ఇంకో గట్టి బిళ్ల తగిలినా ఆగొద్దు. ఆరు పీరియడ్లు చెప్పాక సాయంత్రానికి గొంతు బొంగురుపోయి పొద్దున్నకు బాగైతే అది పాఠాల వల్లే. ఆదివారం కూడా అలాగే ఉండి మూడు వారాలు దాటితే చెవి-ముక్కు-గొంతు డాక్టర్‌కి చూపించండి. మీ ఇంట్లో రక్తసంబంధీకులకు ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉన్నా ఏప్రిల్ దాకా ఆగకండి, ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పండి.

ఐరన్ మాత్రకు మాత్రం పరీక్షల సాకు చెల్లదు. మానేసిన ఆ పట్టీ డ్రాయర్లో ఇంకా ఉండే ఉంటుంది. మీ డాక్టర్‌కు ఫోన్ చేసి, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని అడిగి రేపు పొద్దున్నే మొదలుపెట్టండి. ఆ ఆయాసం తగ్గితే పిల్లల పరీక్షలకు మీరే మెట్లెక్కి ఇన్విజిలేషన్ చేయొచ్చు.