కార్చిచ్చు పొగలో పనికి వెళ్లేదెవరు? కాలిఫోర్నియా లాటినోల గురించి మీ ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయి ఫ్రీమాంట్‌లో ఉంటుంది. కాలిఫోర్నియాలో కార్చిచ్చు అనగానే మన టీవీల్లో సినిమా తారల బంగళాలు తగలబడటమే చూపిస్తారు. మొన్న అమ్మాయి ఫోన్‌లో, "అసలు దెబ్బ తగిలేది మెక్సికో నుంచి వచ్చిన కూలీలకమ్మా" అంది. మంటకీ పొగకీ మనిషిని బట్టి తేడా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ అమ్మాయి సరిగ్గానే చెప్పిందమ్మా. పొగ కమ్మేసిన రోజున తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చోగలిగేది ఎవరు, కూర్చుంటే ఆ పూట కూలి పోయేది ఎవరికి అన్న దగ్గరే తేడా అంతా వస్తుంది. కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసేవాళ్లలో దాదాపు అందరూ లాటినోలే, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లే, అందులోనూ ఎక్కువమంది మెక్సికోలో పుట్టినవాళ్లు.

ఒక్క ఊరి సంగతి చెబుతాను. 2017 డిసెంబర్ 4న వెంచురా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) మొదలైన థామస్ ఫైర్ అనే కార్చిచ్చు పక్కనున్న శాంటా బార్బరా కౌంటీకి కూడా పాకి, మొత్తం 2,80,000 ఎకరాలకు పైగా కాల్చేసింది. ఆ దగ్గర్లోనే సముద్రం ఒడ్డున ఆక్స్‌నార్డ్ ఉంది, స్ట్రాబెర్రీ తోటలకు పేరున్న ఊరు. అక్కడికి వచ్చింది పొగా బూడిదా. ఆ చుట్టుపక్కల బళ్లు మూసేశారు, జనాన్ని బయటికి రావద్దన్నారు, తోటల్లో మాత్రం కోతలు సాగాయి.

స్ట్రాబెర్రీ కోత ఎలా ఉంటుందో తెలిస్తే ఈ మాట బరువు అర్థమవుతుంది. కాయ నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది కాబట్టి పొద్దస్తమానం నడుం వంచే ఉండాలి, కోసిన కాయ కోసినట్టే ప్లాస్టిక్ డబ్బాల్లో సర్దాలి, పెట్టె నిండగానే సాలు చివరికి పరుగున తీసుకెళ్లి లెక్క రాయించుకోవాలి. చాలాచోట్ల కూలి పెట్టెకు ఇంత అని కడతారు, అందుకే ఎవరూ ఆగరు. ఎంత జోరుగా పనిచేస్తే అంత గాలి లోపలికి పోతుంది, గాలితో పాటు పొగా పోతుంది. ముఖానికి రుమాలు కట్టుకుంటారుగా అంటారేమో, అది దుమ్మును కొంత ఆపుతుందేమో గానీ పొగలోని పీఎం2.5 అనే కంటికి కనబడని అతి సన్నటి నలుసులను ఆపలేదు. అవి నేరుగా ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకూ గుండె జబ్బు ఉన్నవాళ్లకూ గండం. ఆ రోజుల్లో స్థానిక సంఘాల వాళ్లూ వాలంటీర్లూ పొలాల గట్ల దగ్గరికి వెళ్లి కూలీలకు ఎన్95 మాస్కులు పంచారు.

ఆ తర్వాత, 2019లో, కాలిఫోర్నియా ఒక నిబంధన తెచ్చింది. గాలి నాణ్యత సూచీ, అదే ఏక్యూఐ, పీఎం2.5 లెక్కన 151కి చేరితే యజమాని కూలీలకు ఎన్95లు అందుబాటులో ఉంచాలి, వాళ్లకు తెలిసిన భాషలో ప్రమాదం గురించి వివరించాలి. తప్పనిసరిగా పెట్టుకోవాల్సింది మాత్రం 500 దాటాకే, ఆలోపు పెట్టుకోవడం మానడం కూలీ ఇష్టం. నా మటుకు నాకు ఇది సగం న్యాయంలాగే కనిపిస్తుంది. ఎన్95కు రెండు రబ్బరు పట్టీలు, ముక్కు మీద నొక్కే సన్నటి రేకు ఉంటాయి, బిగుతుగా కూర్చుంటేనే పనికొస్తుంది. మండే ఎండలో వంగి పనిచేసే మనిషికి అది అరగంటలో చెమటకు తడిసి ముద్దవుతుంది, ఊపిరాడక తీసేస్తాడు. తీసేసినందుకు అతన్ని ఎలా తప్పుపడతాం? పని ఆపి, ఆ పూట కూలి ఇచ్చేటట్టు ఉంటే మాస్కు గొడవే ఉండేది కాదు.

ఇంకో విషయం, ఇది మన పత్రికల్లో అసలు రాదు. లాటినోలంటే అందరూ స్పానిష్ మాట్లాడతారనుకుంటాం. ఆక్స్‌నార్డ్ తోటల్లో మెక్సికోలోని వహాకా, గెరెరో రాష్ట్రాల నుంచి వచ్చిన మిక్స్‌టెక్ ఆదివాసులు వేలల్లో ఉన్నారు. వాళ్లలో చాలామందికి స్పానిష్ అంతంతమాత్రం, ఇంగ్లిష్ అసలే రాదు. థామస్ ఫైర్ మొదట్లో హెచ్చరికలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే వెళ్లాయి. మన ఏజెన్సీ ఊళ్లలో కోయ మాత్రమే తెలిసిన ముసలమ్మ చేతిలో వరద హెచ్చరికను ఇంగ్లిష్ కాగితంగా పెడితే ఎలా ఉంటుందో అలా అన్నమాట. మిక్స్‌టెక్ చాలామందికి నోటి భాష, చదివే అలవాటు తక్కువ, అందుకని అచ్చు కాగితాలకంటే రేడియో మేలు. అక్కడి మిక్స్‌టెక్ సంఘం రేడియో ఇండిహెనా అని సొంత ఎఫ్ఎం స్టేషన్ నడుపుతోంది. ఇలాంటి పని ప్రభుత్వం ముందే చేసి ఉండాల్సింది. వెంచురా, సొనోమా, బ్యూట్ కౌంటీలు ఇలాంటి జనాన్ని కాపాడేందుకు సరిగ్గా సిద్ధపడలేదని 2019 డిసెంబర్‌లో రాష్ట్ర ఆడిటరే తేల్చారు.

ప్రశ్న: అడవులు ఎప్పుడూ కాలుతూనే ఉన్నాయి కదా. ప్రతిదానికీ వాతావరణ మార్పు అనడం ఫ్యాషన్ అయిపోలేదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కాలుతూనే ఉన్నాయి, నిజమే. అక్కడి కొన్ని చెట్ల విత్తనాలు మంట తగిలితేనే విచ్చుకుంటాయి. మంట అంటుకోవడానికి కారణం కరెంటు తీగ కావచ్చు, పిడుగు కావచ్చు, మనిషి నిర్లక్ష్యం కావచ్చు. వందేళ్లుగా ప్రతి చిన్న మంటనూ ఆర్పేస్తూ రావడంతో ఎండుపుల్లలు పేరుకుపోవడం, అడవి అంచుదాకా ఇళ్లు కట్టడం కూడా లెక్కలో ఉన్నాయి. కానీ అంటుకున్నది ఎంత వేగంగా, ఎంత దూరం పోతుందన్నదాన్ని వేడి మార్చేస్తోంది. గాలి వేడెక్కేకొద్దీ మట్టిలోంచి, ఆకుల్లోంచి తేమను ఎక్కువగా లాగేస్తుంది, కొండల మీద మంచు ముందే కరిగిపోతుంది. 2020లో ఒక్క కాలిఫోర్నియాలోనే 40 లక్షల ఎకరాలకు పైగా కాలింది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ కాలినప్పుడు, అంతకుముందు రెండు శీతాకాలాలు వానలు బాగా పడి గడ్డీ గుబురూ పెరిగి, ఆ తర్వాత ఎనిమిది నెలలు చుక్క రాలనట్టే గడిచి, అంతా వరిగడ్డిలా ఎండి ఉంది. దాని మీదికి శాంటా ఆనా అనే పొడి ఈదురుగాలి వచ్చింది.

పొగ వచ్చేది కొన్ని వారాలు, ఎండ మాత్రం ఏటా వస్తుంది. 2008లో స్టాక్టన్ దగ్గర ద్రాక్షతోటలో పనిచేస్తూ 17 ఏళ్ల గర్భిణి వడదెబ్బకు చనిపోయింది. అప్పటికి మూడేళ్లుగా రాష్ట్రంలో నీళ్లూ నీడా ఇవ్వాలన్న నిబంధన ఉంది. ఉన్నా ఆ అమ్మాయి ప్రాణం పోయింది, దాన్ని ఫ్యాషన్ అని నేను అనలేను.

ప్రశ్న: మేం శాన్ హోసేలో ఉంటాం, నాది హెచ్1బి. మా ఇంటి తోటపని చూసే ఆయనది మెక్సికో, పేపర్లు లేవని మాటల్లో ఒకసారి చెప్పారు. రేపు మంటలొచ్చి ఆయన ఇల్లో పనో పోతే ప్రభుత్వం ఆదుకుంటుందా? మేం ఏం చేయగలం?
– ఒక పాఠకుడు, కాలిఫోర్నియా

జవాబు: ముందు మీ సంగతే చెబుతాను, ఎందుకంటే ఇది చాలామంది మనవాళ్లకు తెలియదు. విపత్తు వచ్చాక ఫెమా, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ, ఇచ్చే నగదు సాయం పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, శరణార్థుల్లాంటి మరికొందరికి మాత్రమే. హెచ్1బి మీద ఉన్నవాళ్లకు కూడా అది రాదు. అంటే ఈ ఒక్క విషయంలో మీరూ మీ తోటమాలీ ఒకే వరసలో ఉన్నారు. ఇంట్లో అమెరికాలో పుట్టిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ పేరున దరఖాస్తు పెట్టవచ్చు, ఇది మీకైనా ఆయనకైనా వర్తిస్తుంది. షెల్టర్, తిండి, మందుల్లాంటి అత్యవసర సాయానికి పేపర్లతో పని లేదు.

కాకపోతే ఆయన దరఖాస్తు పెట్టడానికి భయపడతారు. ఫెమా ఉన్నదీ, వలసదారులను పట్టుకునే ఐస్ ఉన్నదీ ఒకే శాఖ కింద. 2025 జూన్‌లో ఆక్స్‌నార్డ్ తోటల్లోనే ఏజెంట్లు కూలీలను వెంటపడి పట్టుకున్నారు, అది చూసినవాళ్లు షెల్టర్ గుమ్మం ఎక్కాలన్నా వెనకాడతారు. అందుకే 2017 మంటల తర్వాత సొనోమాలో అన్‌డాక్యుఫండ్ అని ఒకటి పెట్టారు, ఆ తర్వాత థామస్ ఫైర్ ప్రాంతంలో 805 అన్‌డాక్యుఫండ్ వచ్చింది. విరాళాలతో నడుస్తాయి, ప్రభుత్వ సాయం అందనివాళ్లకు నేరుగా డబ్బిస్తాయి. మీరు ఇవ్వదలచుకుంటే ఇలాంటివాటికి ఇవ్వండి.

ఇల్లు పోవడం గురించి అడిగారు. 2020 సెప్టెంబర్ 8న ఒరెగాన్‌లో ఆల్మీడా ఫైర్ టాలెంట్, ఫీనిక్స్ అనే రెండు చిన్న ఊళ్లలో పెద్ద భాగాన్ని కాల్చేసింది. దాదాపు 2,500 ఇళ్లు పోయాయి, వాటిలో చాలావరకు మొబైల్ హోమ్‌లు (ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి నిలబెట్టే ఇళ్లు), తోటల్లో పనిచేసే లాటినో కుటుంబాలు ఎందరో వాటిలోనే ఉండేవారు. మొబైల్ హోమ్‌లో ఇల్లు మనదే అయినా కింద నేల చాలాసార్లు అద్దెది. ఇల్లు కాలితే చేతిలో మిగిలేది ఏమీ ఉండదు, ఇన్సూరెన్స్ లేకపోతే అంతే సంగతులు.

పని పోవడం ఇంకో రకం. లాస్ ఏంజెలెస్‌లో పాలిసేడ్స్, ఆల్టడీనా కాలినప్పుడు ఇంటివాళ్లకు ఇళ్లు పోయాయి, ఆ ఇళ్లలో గడ్డి కోసేవాళ్లకు, వంటా శుభ్రమూ చూసేవాళ్లకు, పిల్లల్ని పెంచే ఆయాలకు ఒక్క పూటలో జీతాలు పోయాయి. ఎవరి కింద పనిచేశారో చూపే కాగితం చాలామంది దగ్గర ఉండదు. అయినా పాసడీనాలోని రోజుకూలీల కేంద్రం నుంచి వాళ్లే చీపుర్లు, పారలు పట్టుకుని విరిగిన కొమ్మలూ చెత్తా ఎత్తిపోశారు.

ఇక మీరు చేయగలిగింది. గాలి బాగాలేని రోజు ఆయన్ని రావద్దని మీరే ముందు ఫోన్ చేయండి, ఆ రోజు డబ్బులు మామూలుగానే ఇవ్వండి. ఎన్95ల పెట్టె ఒకటి గరాజ్‌లో ఉంచి, ఎలా బిగించాలో తెలుసో లేదో అడగండి. బూడిద పడిన పెరట్లో లీఫ్ బ్లోయర్ పెట్టనివ్వకండి, కాలిన ఇళ్ల బూడిదలో సీసం, ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది మళ్లీ గాల్లోకి లేస్తుంది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆరోగ్యశాఖ లీఫ్ బ్లోయర్లను కొన్నాళ్లు నిషేధించింది ఇందుకే. నీళ్లు చిలకరించి, తడిగా ఊడ్చి ఎత్తాలి. ఆ పని కూడా ఆయనతోనే చేయించేటట్టయితే మాస్కు, గ్లౌజులు ఇచ్చి, మామూలు రేటుకంటే ఎక్కువ ఇవ్వండి.