నా ఒళ్లు నా ఇష్టం... మరి మావయ్యగారి సంగతి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కొవిడ్ టీకా వేయించుకోలేదు, వేయించుకోవాలనీ లేదు. నేనేం మొండిదాన్ని కాదు, ఒంట్లోకి ఏది ఎక్కించుకోవాలో నేనే ఆలోచించుకుని తేల్చుకుంటాను, అంతే. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. మావయ్యగారికి కిడ్నీ మార్పిడి జరిగి రెండేళ్లయింది, అప్పటినుంచీ ఆయన మందులు చూసేది నేనే. మళ్లీ కేసులు పెరుగుతున్నాయనగానే మా తోడికోడలు "టీకా వేయించుకో, లేకపోతే మావయ్యగారి గదిలోకి రాకు" అని అందరి ముందూ అనేసింది. నా ఒళ్లు నా ఇష్టం అనుకోవడం తప్పా?
– ఓ చిన్న కోడలు

జవాబు: తప్పు కాదమ్మా. ఈ మాట ఎవరో ఒకరు అంటే బాగుండునని మీరు చాలా రోజులుగా చూస్తున్నట్టుంది, అందుకే ముందే చెప్పేస్తున్నాను. 2022 మేలో మన సుప్రీంకోర్టు కూడా ఎవరికీ బలవంతంగా టీకా వేయడానికి వీల్లేదంది. కాకపోతే అదే తీర్పులో ఇంకో మాట ఉంది, ఫోన్లలో తిప్పేవాళ్లు దాన్ని కత్తిరించేస్తుంటారు: నలుగురి ఆరోగ్యం కోసం, అవసరానికి మించకుండా, కొన్ని ఆంక్షలు పెట్టొచ్చు. దానికి 117 ఏళ్ల ముందు, 1905లో, మశూచి టీకా వద్దన్న జాకబ్సన్ అనే పాస్టర్ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆయన్ని పట్టుకుని ఎవరూ సూది గుచ్చలేదు, 5 డాలర్ల జరిమానా వేశారు, కోర్టు ఆ జరిమానా సబబే అంది. అంటే వద్దనే హక్కు ఉంది, వద్దన్నందుకు కొంత భారం మోయాల్సి రావడమూ ఉంది.

మీ ఇంట్లో ఇప్పుడు ఆ భారం ఎవరి నెత్తిన పడుతోందో చూడండి. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా మావయ్యగారు రోజూ మాత్రలు వేసుకుంటారు కదా, ఆ డబ్బా మీ చేతిలోనే ఉంటుంది. ఆ మాత్రలు చేసే పనే రోగనిరోధక శక్తిని అణచి ఉంచడం. అందుకే అలాంటివాళ్లకి టీకా వేసినా మనకి పట్టినంత బాగా పట్టదు. మీకు వేయించుకోవడమా మానడమా అని రెండు దారులున్నాయి. ఆయనకి ఆ వెసులుబాటు లేదు, వేయించుకున్నా సగం రక్షణే అనుకుని కూర్చోవాలి.

అలాగని మీ తోడికోడలు చెప్పిందంతా రైటని కూడా అనను. టీకా ప్రధానంగా జబ్బు ముదరకుండా కాపాడుతుంది. అసలు సోకకుండా ఆపే శక్తి మాత్రం కొన్ని నెలల్లో తగ్గిపోతుంది, ఒమిక్రాన్ వచ్చాక టీకాలు వేయించుకున్నవాళ్లకీ సోకింది, వాళ్లనుంచి పక్కవాళ్లకీ పాకింది. కాబట్టి రెండు డోసులు అయ్యాయి కదా అని ఆవిడ దగ్గుతూ ఆ గదిలోకి వెళ్తే, అది మీరు వెళ్లడం కంటే గొప్పేమీ కాదు. ఈ పేరా ఆవిడకి చదివి వినిపించండి, గొంతు పెంచకుండా.

ఇక మీ వంతు. టీకా వద్దనుకున్నారు కాబట్టి మిగతా జాగ్రత్తల్లో ఇంట్లో అందరికంటే రెండాకులు ఎక్కువే చదవాలి. కేసులు ఎక్కువగా ఉన్నన్నాళ్లూ ఆ గదిలో ఉన్నంతసేపూ ఎన్95 మాస్కు ఉండాలి, ముక్కు మీది తీగ గట్టిగా నొక్కాలి, ఊదితే బుగ్గల పక్కనుంచి గాలి పోకూడదు. కిటికీ తెరిచే ఉంచాలి. గొంతులో కాస్త గరగర అనిపించినా ఆ రోజు మందుల డబ్బా గుమ్మం దగ్గర పెట్టి ఇంకెవరినైనా పిలవాలి. ఇది శిక్షలా అనిపిస్తుందని తెలుసు, ముఖ్యంగా రెండేళ్లు చేసిన మనిషికి.

నన్నడిగితే టీకా వేయించుకోమనే అంటాను, దాచుకోవడం దేనికి? మీకున్న భయమేంటో ఉత్తరంలో రాయలేదు. అదేంటో ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు ముందు పెట్టి చూడండి.

ఇంకొకటి. ఇంతమంది ఇన్ని మాటలు అనుకున్నారు, అసలు మావయ్యగారిని ఎవరైనా అడిగారా? "మాస్కు పెట్టుకుని రా అమ్మా" అంటారో, "కొన్నాళ్లు వద్దులే" అంటారో, పోగొట్టుకునేది ఎక్కువ ఆయనే కనుక ఆ మాట ఆయనే అనాలి. రెండోది అంటే మాత్రం మనసు కష్టపెట్టుకోకుండా ఒప్పుకోవాలి మీరు.

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు. ఎంఆర్ఎన్ఏ రకం కొవిడ్ టీకా వేయించుకున్న మూడో రోజు ఛాతీలో నొప్పి వచ్చింది, పరీక్షలు చేసి మయోకార్డైటిస్ అన్నారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, మళ్లీ ఆ టీకా వద్దని డాక్టరే చెప్పారు. చుట్టాలేమో "వంకలు పెడుతున్నాడు, స్వార్థం" అంటున్నారు.

జవాబు: ఆ చుట్టాలకి డాక్టరు రాసిన కాగితం చూపించాల్సిన అవసరం కూడా లేదు. గుండె కండరం వాచే ఈ సమస్య ఆ రకం టీకాలతో అరుదుగా వస్తుంది, వచ్చేది ఎక్కువగా కుర్రాళ్లకే, చాలామంది కోలుకుంటారు కూడా. అరుదు అన్న మాట లెక్కల్లో బాగుంటుంది, ఛాతీ పట్టుకుని కూర్చున్నవాడికి కాదు. అసలు టీకాల మీద జనానికి నమ్మకం పోయేది ఇలా ఏదైనా జరిగినప్పుడు "ఏం కాదులే" అని కొట్టిపారేసేవాళ్ల వల్లేనని నా అనుమానం. తట్టు లాంటి జబ్బు ఊళ్లో పాకకుండా ఆగాలంటే నూటికి 95 మందికైనా రక్షణ ఉండాలంటారు. మిగిలిన ఆ ఐదు చోట్లూ ఎవరికి? పసిపిల్లలకీ, మీ తమ్ముడిలా నిజంగా వేయించుకోలేనివాళ్లకీ. కొవిడ్‌లో లెక్క అంత కచ్చితంగా కుదరదు గానీ, తమ్ముడి చుట్టూ ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలన్నది మారదు. మాటలు తగ్గించి ఆ పని చూడమనండి.

ప్రశ్న: ఆఫీసులో అందరూ మాస్కులు తీసేశారు, నేనొక్కడినే పెట్టుకుంటున్నాను. నవ్వుతున్నారు.

జవాబు: నవ్వనివ్వండి. రెండు వారాల్లో అలవాటు పడిపోతారు, అప్పుడు తీస్తే "ఏంటి, ఒంట్లో బాగుందా" అని అడుగుతారు.

ప్రశ్న: ఇది ఎవరికీ చెప్పలేదు. పోయిన వారం ఒళ్లు వెచ్చగా ఉంటే పారాసిటమాల్ వేసుకుని డ్యూటీకి వెళ్లాను. గేటు దగ్గర నుదుటికి పెట్టే థర్మామీటరు మామూలుగానే చూపించింది. సెలవు పెడితే జీతం కోస్తారు, అది అసలు కారణం. నాలుగు రోజులకి నా పక్క సీటతనికి పాజిటివ్ వచ్చింది. వాళ్లావిడకి ఏడో నెల. నేను ఇంకా టెస్టు చేయించుకోలేదు. నావల్లే అంటారా?

జవాబు: నావల్లే అని గానీ కాదని గానీ చెప్పలేం, అతనికి బస్సులో అంటుకుని ఉండొచ్చు. కానీ మాత్ర వేసుకుంటే జ్వరం దిగుతుంది, ఊపిరిలో బయటికొచ్చే వైరస్ తగ్గదు. ఆ థర్మామీటరు మీ మాత్రని కొలిచింది, మిమ్మల్ని కాదు.

మీమీద కోపం రావడం లేదు నాకు. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి ఉండేది. ఒంట్లో టైఫాయిడ్ క్రిములున్నాయి, ఆమెకి మాత్రం జ్వరం లేదు గిరం లేదు. 1907లో పట్టుకెళ్లి విడిగా ఉంచి, ఇక వంట చేయనని మాటిచ్చాక 1910లో వదిలారు. బట్టలుతికే పనిలో డబ్బులు తక్కువ. పేరు మార్చుకుని మళ్లీ వంటకే చేరింది, అదీ ఒక ప్రసూతి ఆస్పత్రిలో. 1915లో అక్కడ 25 మందికి టైఫాయిడ్ వచ్చింది, ఇద్దరు పోయారు. ఈసారి 1938లో చనిపోయేదాకా నిర్బంధంలోనే ఉంచారు. తప్పు చేసింది, కాదనను. అయితే వంట మానేయమన్నవాళ్లు అంత డబ్బొచ్చే ఇంకో పని చూపించి ఉంటే ఏమయ్యేదో! జ్వరంతో ఇంట్లో ఉంటే జీతం కోసే యాజమాన్యం, గేటు దగ్గర థర్మామీటరు పట్టుకుని నిలబడటం నాకు నాటకంలాగే కనిపిస్తుంది.

నేనూ ఒకసారి గొంతు మంటతోనే ఒక పెద్దావిణ్ని చూడటానికి వెళ్లాను. దగ్గు వస్తుంటే మింగేసి, మంచినీళ్లు అడిగి తాగాను. ఆవిడకి ఏమీ కాలేదు. కాలేదు కాబట్టే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మీ విషయంలో ఆగడానికి లేదు. గర్భిణులకి కొవిడ్ ముదిరే ప్రమాదం ఎక్కువ, వాళ్ల డాక్టరుకి ఇంట్లో పాజిటివ్ ఉందన్న సంగతి వెంటనే తెలియాలి. ఇవాళే అతనికి ఫోన్ చేయండి. మెసేజ్ వద్దు, చూశాడో లేదో తెలియదు. "పోయిన వారం నాకు జ్వరం ఉంది, మాత్ర వేసుకుని వచ్చాను, చెప్పలేదు, తప్పే. మీ ఆవిడ డాక్టరుకి చెప్పారా?" అంతే. తిడతాడు. తిట్టనిచ్చి, డాక్టరు సంగతి మళ్లీ అడగండి. లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందునుంచే పక్కవాళ్లకి అంటుకునే అవకాశం ఉంటుంది కాబట్టి, ఆ రెండు రోజుల్లో ఇంకెవరి పక్కన కూర్చున్నారో కూడా గుర్తు చేసుకోండి. ఫోన్ పెట్టేశాక టెస్టుకి వెళ్లండి.