రూటర్ మార్చే ముందు అడాప్టర్ దిక్కు చూడండి

"హనుమకొండలో ఫైబర్ కనెక్షన్. రోజుకు ఐదారుసార్లు నెట్ పోయి రెండు మూడు నిమిషాల్లో మళ్లీ వస్తోంది. కొత్త రూటర్ కొనాలా?" అని అడిగారు.

కొనకండి. కనీసం ఈ వారం కొనకండి. పది ఇళ్లల్ల ఎనిమిదింటికి రూటర్ తప్పుండదని నా గట్టి నమ్మకం, ఎవరు ఎంత వాదించినా మారదు. నెట్ పోయినప్పుడు ఫోన్ చూసుకుంట తిట్టుకోకుండ, లేచి రూటర్ డబ్బా ముందు నిలబడి లైట్లు చూడండి.

అందరూ "నెట్ పోయింది" అనే అంటరు గానీ, ఒక్కో పోవుడు ఒక్కో తీరు. లైట్లన్నీ ఒక్కసారే ఆరి, మళ్లీ ఒక్కొక్కటి వెలుగుతున్నయంటే డబ్బా రీస్టార్ట్ అయింది, అది కరెంటు సంగతి. ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగ కొట్టుకుంటుంటే ఫైబర్‌లో వెలుతురు రావట్లేదు. పాన్ (పీఓఎన్) అనే ఫైబర్ లైను లైటు నిలకడగ ఉండి ఇంటర్నెట్ లైటు ఒక్కటే పోతే లాగిన్ తెగింది, అది కంపెనీ వైపు గొడవ. అన్నీ పచ్చగ ఉండి ఫోన్లోనే తెగితే వైఫై. కాపలా కాసే ఓపిక లేకపోతే బ్రౌజర్లో 192.168.1.1 కొట్టండి (కొన్నిటికి 192.168.0.1 లేదా 192.168.100.1 ఉంటది, డబ్బా వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటది). లోపల డివైస్ స్టేటస్‌లో అప్‌టైమ్, అంటే డబ్బా ఆగకుండ ఎంతసేపటి నుంచి నడుస్తుందో చూడండి. పొద్దుగాల నుంచి ఎవరూ స్విచ్ ముట్టకున్నా అందులో 40 నిమిషాలే చూపిస్తే, డబ్బా తనంతట తనే ఆగి లేచిందన్నట్టు.

అట్ల లేచే డబ్బాకు దోషి దాదాపు ఎప్పుడూ అడాప్టరే. వడ్డేపల్లి దిక్కు ఒక ఇంటి సంగతి ఇది. పగలంత మంచిగనే నడుస్తది. సాయంత్రం ఏడు దాటి పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చి, హాల్లో టీవీ, లోపల రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ మొదలైతే ఇగ ఏడున్నరకోసారి, ఎనిమిదింటికోసారి లైట్లన్నీ ఆరుడే. టెక్నీషియన్ పొద్దున పదకొండింటికి వస్తడు. ఆ టైంకు అంతా బాగుంటది. "మీ ఫోన్లల్లనే ఏదో ఉంది" అని పోతడు. అట్ల రూటర్ రెండుసార్లు మారింది, రోగం మాత్రం మారలే. ఎందుకు మారలేదంటే, అడాప్టర్ టీవీ యూనిట్ వెనక గోడకు ఉంది, దాన్ని తీయాలంటే చెక్క జరపాలి, కొత్త డబ్బాకు ఆ పాత పిన్నే సరిపోయింది. కాబట్టి రెండుసార్లూ కొత్త రూటర్‌కు ముసలి అడాప్టరే తగిలించిన్రు.

వోల్టులు కొలిచే మీటర్ పెడితే, రూటర్‌కు తగిలించకుండ ఖాళీగ ఉన్నప్పుడు ఆ అడాప్టర్ 12.2 వోల్టులు చూపించింది. ఇక్కడనే చాలామంది మోసపోతరు. ఖాళీ అడాప్టర్ ఎప్పుడూ బుద్ధిగనే ఉంటది, బరువు (లోడ్) పడ్డంకనే దాని బండారం బయటపడ్తది. సీసీ కెమెరాల సామాను అమ్మే దుకాణంలో ఒక పిన్నును రెండు చేసే స్ప్లిటర్ వైరు దొరుకుతది. ఒక కొస రూటర్‌కు పెట్టి, రెండో కొసకు మీటర్ పెట్టండి. ఆ ఇంట్లో రూటర్ లేచినంక 11.5 ఉంది, అందరూ వీడియోలు పెట్టంగనే 10.4కు దిగి, అంకెలు ఊగి, ఠక్కున ఆరింది. 12 వోల్టుల డబ్బాకు బరువు మీద 11.5 కన్న తక్కువ చూపిస్తే ఆ అడాప్టర్‌ను నమ్మొద్దు.

కారణం అందులో ఉండే కెపాసిటర్లు, అంటే కరెంటును నిలకడగ ఉంచే చిన్న డబ్బీలు. వాటి లోపలి ద్రవం వేడికి ఎండుతది. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమైతదని ఎలక్ట్రానిక్స్ వాళ్ల లెక్క. మన దగ్గర మే నెలల బయటనే 43, 44 డిగ్రీలుంటది. ఇగ తలుపులు మూసిన టీవీ యూనిట్లో, సెట్‌టాప్ బాక్సు నెత్తిమీద పడుకున్న అడాప్టర్ గతి ఏందో మీరే ఆలోచించండి. టేకు చెక్కకు లక్ష పెడతరు గానీ, డబ్బా కనిపిస్తే హాలు అందం పోతదని దాన్ని అరలో పెట్టి తలుపేస్తరు. ఇంకొందరు బెడ్‌రూంలో ఇనుప బీరువా వెనక పెట్టి, వంటింట్లో సిగ్నల్ రాట్లేదని కస్టమర్ కేర్‌తో లొల్లి పెట్టుకుంటరు. ఇనుప రేకును దాటి వైఫై ఎట్ల వస్తది?

కొత్త అడాప్టర్ కొనేటప్పుడు పాతదాని మీద రాసి ఉన్న వోల్టులు అచ్చంగ అవే ఉండాలె. 9 వోల్టుల డబ్బాకు 12 పెడితే కాలిపోవచ్చు. ఆంపియర్లు మాత్రం ఎక్కువున్నా ఏంకాదు. 1 ఆంపియర్ రాసి ఉంటే 2 ఆంపియర్లది తీసుకోండి, డబ్బా తనకు కావాల్సినంతే గుంజుకుంటది. పిన్ను కొలత కూడ చూడాలె. ఎక్కువ డబ్బాలకు బయట 5.5, లోపల 2.1 మిల్లీమీటర్లు. 2.5 రంధ్రం ఉన్నది కూడ దూరుతది గానీ వదులుగ ఉండి, వైరు కదిలినప్పుడల్ల ఆరుతది. మూడు నాలుగు వందల ఖర్చు, అంతే.

కరెంటు పోయి ఇన్వర్టర్ ఎక్కినప్పుడే డబ్బా ఆరుతుంటే అడాప్టర్‌ను అనుమానించే ముందు ఇన్వర్టర్ వెనక స్విచ్ చూడండి. యూపీఎస్ మోడ్‌లో ఉంటే మారే గడువు చాన తక్కువ, మామూలు మోడ్‌లో ఆ సందు రూటర్ ఆరేంత ఉంటది. అదీ కాకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్, అంటే రూటర్‌కు పెట్టే చిన్న బ్యాటరీ డబ్బా, పెట్టుకోండి. దాని లోపలి సెల్లు ముసలిదైతే అదే కొత్త రోగమైతదని యాది పెట్టుకోండి.

ఎర్ర లైటు వస్తే సంగతి వేరే. అదే 192.168.1.1 పేజీలో ఆప్టికల్ వివరాల్లో ఆర్‌ఎక్స్ పవర్, అంటే ఫైబర్‌లో డబ్బా దాక వచ్చే వెలుతురు బలం, ఉంటది. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం దాక ఉంటే బేఫికర్. మైనస్ 27 దగ్గరికి పోయిందంటే అంచు మీద ఉన్నట్టు, గాలి వీచినా తెగుతది. ప్రతి 3 అంకెలు దిగితే వెలుతురు సగమైనట్టు లెక్క. ఇంట్లో మీరు చూడగలిగింది ఒక్కటే, పసుపుపచ్చ సన్న తీగ. టీ గ్లాసు మూతి కన్న చిన్నగ చుట్టొద్దు, మేకుకు మడిచి కట్టొద్దు. ఆకుపచ్చ కనెక్టర్‌ను ఆకుపచ్చ దాంట్లనే పెట్టాలె. దాని మొన ఏటవాలుగ కోసి ఉంటది, నీలం దాంతో కలిపితే వెలుతురు చానవరకు అక్కడనే ఆవిరి. కొసను వేలితో తుడవొద్దు, కంటికి దగ్గర పెట్టి చూడొద్దు, ఆ వెలుతురు కనపడదు గానీ కన్నుకు దెబ్బ. ఇంటి బయట నల్ల తీగ సంగతి మీ చేతుల లేదు. మన ఊళ్లల్ల కోతులు దాని మీద ఉయ్యాల ఊగుతయి. స్తంభం నుంచి డాబా దాక జాగా వదలకుండ గట్టిగ కట్టమని, డాబా మీద పైపులో వేయమని టెక్నీషియన్‌కు చెప్పండి.

వైఫై ఒక్కటే తెగుతుంటే ఎక్కువ చెప్పేదేం లేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో చానల్‌ను ఆటో నుంచి తీసి 1, 6, 11లో ఖాళీగ ఉన్నది పెట్టి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చేయండి. హాస్టళ్ల పక్కన ఉండేటోళ్లకు 40 పెట్టుడు శుద్ధ దండగ. 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 మధ్య చానల్ పెట్టండి. 52 నుంచి 144 దాక ఉన్నవాటిని రాడార్లు కూడ వాడుకుంటయి, రాడార్ వినబడ్డట్టు అనిపిస్తే రూటర్ ఆ చానల్ వదిలి ఉరుకుతది, మీ వీడియో కాల్ తెగుతది. రెండు బ్యాండ్లకు వేరే వేరే పేర్లు పెట్టండి. పై అంతస్తుకు రెండో రూటర్ ఉంటే దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. ఆ మోడ్ లేకపోతే దాని డీహెచ్‌సీపీ (ఫోన్లకు ఐపీ అడ్రసులు పంచే పని) ఆపి, వైరును ల్యాన్ రంధ్రంలో పెట్టండి. రెండూ ఐపీలు పంచుతుంటే ఇల్లంతా పరేషాన్.

ఫిర్యాదు చేసేటప్పుడు "సార్, మాటిమాటికి పోతుంది" అనొద్దు. అట్లంటే వచ్చే జవాబు "రీస్టార్ట్ చేసి చూడండి" అనేదే. ల్యాప్‌టాప్‌ను వైరుతో కలిపి, ఒక కమాండ్ కిటికీలో 192.168.1.1కు (మీ డబ్బా), ఇంకో కిటికీలో 8.8.8.8కు (బయట ఉన్న గూగుల్ సర్వర్) ఆగకుండ పింగ్, అంటే జవాబు వస్తుందా అని చూసే పిలుపు, నడపండి. మొదటిది ఆగకుండ రెండోదే ఆగితే తప్పు వాళ్ల లైన్‌ది. ఆ టైములు, ఆర్‌ఎక్స్ పవర్ అంకె కాగితం మీద రాసి చెప్పండి, అవతలి గొంతు మారుతది.

ఇవన్నీ సరిగ్గ ఉండి కూడ, కొత్త అడాప్టర్ మీద డబ్బా ఆరుతుంటే అప్పుడు కొనండి రూటర్. పాత అడాప్టర్‌ను మాత్రం సొరుగుల దాచకండి, వైరు కత్తిరించి పారేయండి. లేకపోతే ఆరు నెలలకు ఎవరో ఒకరు "ఇది మంచిదే" అని తీసి గేటు కెమెరాకు పెడతరు.