ఫుట్‌బాల్ ఆటగాళ్లకు అన్ని భాషలు ఎలా వస్తాయి? ఖరగ్‌పూర్ మైదానం నుంచి నా జవాబు

మీరు రెండు సంగతులు అడిగారు. యూరప్‌లో ఆడే ఫుట్‌బాల్ ఆటగాళ్లు నాలుగైదు భాషలు అంత ధారాళంగా ఎలా మాట్లాడుతున్నారు, క్లబ్బులు ప్రత్యేకంగా నేర్పిస్తాయా అన్నది ఒకటి. అకాడమీకి వెళ్తున్న మీ అబ్బాయిని ఇప్పటినుంచే స్పానిష్ క్లాసులో చేర్చాలా అన్నది రెండోది.

క్లబ్బులు టీచర్లను పెడతాయి. కొత్తగా వచ్చిన ఆటగాడికి ఇల్లు వెతికిపెట్టడం, పిల్లలకు స్కూలు చూడటం, వాటితో పాటు భాష చెప్పించడం పెద్ద క్లబ్బుల్లో మామూలే. అయితే ఆ టీచరు వల్లే భాష వచ్చిందంటే నేను ఒప్పుకోను. భాష ఇంట్లో మొదలై జట్టులో ముదురుతుంది. ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి, బజారులో ఇంకొకటి వింటూ పెరిగిన పిల్లవాడికి తప్పుగా మాట్లాడటానికి సిగ్గుండదు. అలాంటివాడు జట్టులో ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ల భాష పట్టేస్తాడు. ఇది నేను చదివి చెబుతున్నది కాదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగి, ఫుట్‌బాల్ ఆడుతూ బెంగాలీ నేర్చుకున్న తెలుగువాణ్ని నేను.

ముందు లుకాకు సంగతి చూడండి. రొమేలు లుకాకు 1993లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు కాంగో నుంచి వచ్చినవాళ్లు, తండ్రి కూడా ఫుట్‌బాల్ ఆటగాడే. ఇంట్లో ఫ్రెంచి, లింగాలా. ఊళ్లో, స్కూల్లో డచ్చి. పదహారేళ్లకే బెల్జియం క్లబ్బు అండర్‌లెక్ట్ పెద్ద జట్టులోకి వచ్చాడు. అక్కడ బ్రెజిల్ ఆటగాళ్లతో తిరిగి పోర్చుగీసు నేర్చుకున్నానని ఆయనే చెప్పాడు. తర్వాత ఇంగ్లండుకు వెళ్తే ఇంగ్లిషు, 2019లో ఇంటర్ మిలాన్‌కు వెళ్తే ఇటాలియన్. మాట ఒక భాషలో మొదలుపెట్టి ఇంకో భాషలో ముగించడం తనకు చిన్నప్పటి నుంచీ అలవాటేనని కూడా చెప్పుకున్నాడు. ఆ సంగతి చదివినప్పుడు నాకు మా కాలనీ పిల్లలే కళ్లముందు కదిలారు. మేమూ అంతే.

ఖరగ్‌పూర్ గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. అది పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అక్కడ వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వేలాది కుటుంబాలు వెళ్లి స్థిరపడ్డాయి. మథురాకాటి, నింపురా కాలనీల్లో నడుస్తుంటే వీధంతా తెలుగే వినిపించేది. మా ఇంట్లో తెలుగు. పక్క క్వార్టర్లో ఒడియావాళ్లు. నాన్న పనిచేసే షాపులో బెంగాలీ, హిందీ. మా అమ్మ గోల్‌బజార్‌లో కూరగాయలు బేరమాడేటప్పుడు ఒక్క వాక్యంలో మూడు భాషలు కలిపేసేది. ఎవరూ నవ్వేవాళ్లు కాదు, కూరగాయలు సరైన ధరకే వచ్చేవి.

అయినా నాకు పదిహేనేళ్లు వచ్చేదాకా బెంగాలీ అర్థమయ్యేది గానీ నోటికి వచ్చేది కాదు. హిందీతో పని జరిగిపోయేది. నోరు తెరిపించింది ఒక మ్యాచ్.

మా జట్టులో నేను స్టాపర్‌ని, అంటే డిఫెన్స్ మధ్యలో నిలబడేవాణ్ని. గోల్‌కీపర్ వర్క్‌షాపులో ఫిట్టర్. మా అందరికంటే చాలా పెద్దవాడు. అందరం దాదా అనే, అంటే బెంగాలీలో అన్నయ్య అనే పిలిచేవాళ్లం. ఆయన గొంతే మా డిఫెన్స్‌కు కళ్లు. మ్యాచ్ మొదలైనప్పటి నుంచి చివరి విజిల్ దాకా వెనక నుంచి అరుస్తూనే ఉండేవాడు. మిడ్నాపూర్‌లో ఒక మ్యాచ్‌కు వెళ్లాం. భాద్రపదపు వాన, మైదానమంతా బురద. ఆ రోజు దాదాకు జ్వరం తగ్గి లేచిన నీరసం, గొంతు పూర్తిగా పూడుకుపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. ఆడనని మాత్రం అనలేదు. టాస్ వేసే ముందు నా జెర్సీ మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుని చెవిలో గుసగుసగా చెప్పాడు: ఈ రోజు నేను చూస్తాను, నువ్వు అరవాలి.

నా ఎడమ పక్క బెంగాలీ కుర్రాడు. కుడి పక్క సంతాలీ కుర్రాడు, ఇంట్లో సంతాలీ, బయట బెంగాలీ మాట్లాడేవాడు, హిందీ అంతంతమాత్రం. కాబట్టి అరవాల్సింది బెంగాలీలోనే. మొదటి పావుగంట దాదా రెండు చేతులతో సైగలు చేస్తుంటే వెనక్కి తిరిగి చూడటం, ఇటు తిరిగి అరవడం. ఎడమవైపు ఖాళీ ఉంటే "బాఁదికే", మనిషి వెనక నుంచి వస్తుంటే "పెఛోనే", బంతి దాదాకు వదిలేయాల్సి వస్తే "ఛాడ్, ఛాడ్". అవన్నీ రోజూ విన్న మాటలే, పలకడం మాత్రం అదే మొదలు. కానీ పెనాల్టీ బాక్సులో అవతలి సెంటర్ ఫార్వర్డ్ దూసుకొస్తుంటే వ్యాకరణం చూసుకునే తీరిక ఎవరికుంటుంది? రెండో సగంలో వాన ఇంకా పెరిగింది. కార్నర్ మీద కార్నర్. బురదలో కాలు దిగబడి లేవడం లేదు. ఆ గలాటాలో ఎప్పుడో నేను దాదా సైగల కోసం వెనక్కి చూడటం మానేశాను. ఎవడు ఎవణ్ని పట్టుకోవాలో, ఎవడు గోల్ కడ్డీ దగ్గర నిలబడాలో, లైను ఎప్పుడు ముందుకు జరగాలో అన్నీ నేనే పూర్తి వాక్యాల్లో అరుస్తున్నాను. సంతాలీ కుర్రాడు ఒక్కసారి కూడా తిరిగి ఏమన్నావని అడగలేదు.

మ్యాచ్ గోల్ లేకుండా డ్రా అయింది. అసలు వేడుక తర్వాత. స్టేషన్ దగ్గర మట్టి ముంతల్లో టీ, కాగితం పొట్లంలో మరమరాలు, ఆలూ చాప్. రెఫరీ ఆఫ్‌సైడ్ ఇచ్చిన ఒక బంతి మీద అవతలి జట్టు కుర్రాళ్లకూ మాకూ వాదన లేచింది. నేను ఆలూ చాప్ చేతిలో పట్టుకుని వాళ్లతో పోట్లాడాను, బెంగాలీలో, రైలు వచ్చేదాకా. దాదా బల్ల మీద కూర్చుని, మాట రాని గొంతుతోనే నవ్వుతూ తల ఊపుతున్నాడు. పోట్లాడటం వచ్చిందంటే భాష వచ్చినట్టే. ప్రేమించడానికి కూడా అంత భాష అక్కర్లేదు.

అప్పటినుంచి నాకొక గట్టి నమ్మకం ఉంది. ముందు వరుసలో గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌ల కంటే గోల్‌కీపర్లు, డిఫెండర్లే భాషలు త్వరగా నేర్చుకుంటారు. వాళ్లు మ్యాచ్ పొడవునా మాట్లాడాలి. మాట్లాడకపోతే గోల్ పడుతుంది. గోల్‌కీపర్ పెటర్ చెక్‌ను చూడండి. చెక్ రిపబ్లిక్‌లోని ప్ల్జెన్‌లో పుట్టాడు, 2002లో ఫ్రాన్స్‌లోని రెన్ క్లబ్బుకు, 2004లో ఇంగ్లండులోని చెల్సీకి వెళ్లాడు. ఎదురుగా ఉన్న డిఫెండర్‌తో ఆ డిఫెండర్ భాషలోనే మాట్లాడతాడని ఆయనకు పేరు. ఇది తెలివితేటల ప్రదర్శన కాదు. కంగారులో మనిషికి ముందు ఎక్కేది అమ్మ భాషే. అర సెకను ముందు అర్థమైతే గోల్ తప్పుతుంది. లుకాకు ఫార్వర్డే కదా అని మీరు అడగవచ్చు. ఆయనకు ఆ పని ఇల్లే చేసిపెట్టింది, మైదానం చేయాల్సిన అవసరం లేకపోయింది.

ఇల్లూ జట్టూ రెండూ కలిసొచ్చిన మనిషి కావాలంటే హెన్రిఖ్ మ్ఖితార్యాన్. 1989లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో పుట్టాడు. తండ్రి హామ్లెట్ ఫ్రాన్స్‌లోని వాలాన్స్ క్లబ్బులో ఆడటంతో పసితనం అక్కడే గడిచింది, ఫ్రెంచి అలా వచ్చింది. తర్వాత కుటుంబం ఆర్మేనియాకు తిరిగొచ్చింది, 1996లో తండ్రి మెదడులో కణితితో చనిపోయాడు. పదమూడు పద్నాలుగేళ్ల వయసులో బ్రెజిల్‌లోని సావో పాలో క్లబ్బులో కొన్ని నెలలు శిక్షణ తీసుకుని పోర్చుగీసు పట్టుకొచ్చాడు. ఆ పోర్చుగీసు ఎక్కడ పనికొచ్చిందో చూడండి: ఉక్రెయిన్‌లో! 2010లో ఆయన చేరిన షాఖ్తార్ దొనెత్స్క్ జట్టు నిండా బ్రెజిల్‌వాళ్లే. ఫెర్నాండిన్యో, విలియన్, డగ్లస్ కోస్టా, లూయిజ్ అడ్రియానో. కోచ్ మిర్చా లుచెస్కు రొమేనియావాడు, ఆయనా వాళ్లతో పోర్చుగీసులోనే మాట్లాడేవాడు. డిఫెన్స్‌లో ఉక్రెయిన్‌వాళ్లు, ముందు వరుసలో బ్రెజిల్‌వాళ్లు, మధ్యలో రెండు వైపులా మాట కలపగలిగిన ఆర్మేనియా కుర్రాడు. 2012-13 సీజన్‌లో ఉక్రెయిన్ లీగ్‌లో 25 గోల్స్ కొట్టాడు. ఆ గోల్స్‌లో కొన్నయినా ఆ పోర్చుగీసు వల్ల వచ్చినవేనని నా వాదన. బంతి అందించేవాడు మనవాడనుకుంటేనే అందిస్తాడు. తర్వాత డోర్ట్‌మండ్‌లో జర్మన్, మాంచెస్టర్‌లో ఇంగ్లిషు, రోమ్‌లో ఇటాలియన్ చేర్చుకున్నాడు.

ఇక్కడ ఒక ఫిర్యాదు చేయకుండా ఉండలేను. ఇంటర్నెట్‌లో ఏ ఆటగాడి గురించి చూసినా ఎనిమిది భాషలు, పది భాషలు అని లెక్క రాస్తారు. నాలుగు పలకరింపులు నేర్చుకున్నా ఒక భాషే, ఆ భాషలో విలేకరిని నిలదీసినా ఒక భాషే. మనవాళ్లూ ఆ జాబితాలనే పిల్లలకు పంపించి, చూడు నువ్వూ ఇలా కావాలంటారు. లెక్క పెంచడం వల్ల ఎవరికి లాభం? ఇంకో ఫిర్యాదు, నేర్చుకోనివాళ్లను ఆడిపోసుకోవడం. వేల్స్ ఆటగాడు గారెత్ బేల్ 2013లో రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు. అక్కడున్నన్ని ఏళ్లూ స్పానిష్ సరిగా నేర్చుకోలేదని మాడ్రిడ్ పత్రికలు దుమ్మెత్తిపోశాయి. మరి ఆయన జట్టులో ఇంగ్లిషు వచ్చినవాళ్లు తక్కువా? లూకా మోడ్రిచ్ అంతకుముందు ఆయనతో పాటు ఇంగ్లండ్ క్లబ్బు టాటెన్‌హామ్‌లో ఆడినవాడే. ఇంగ్లిషు ఇంటిభాష అయినవాణ్ని లోకమంతా మోస్తుంది. అవసరం ఎప్పుడూ మెడ మీదికి రాదు. అది ఆయన సోమరితనమని నేను అనను. ఆయన పక్కన గొంతు పోయిన దాదా ఎవరూ లేరు, అంతే.

మన దగ్గర ఇలాంటివాళ్లు లేరా అంటే భేషుగ్గా ఉన్నారు, మనమే పట్టించుకోం. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. తర్వాత మా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకే వచ్చాడు. అందుకే ఖరగ్‌పూర్‌లో మా నాన్న తరంవాళ్లు ఆయన పేరు ఇంట్లో మనిషి పేరులా తలచుకునేవాళ్లు. ఆట మానేశాక కూడా సికింద్రాబాద్‌కు తిరిగి రాలేదు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశాడు. ఆయన ఆడిన 1962 జకార్తా ఆసియా క్రీడల జట్టును ఒకసారి తలచుకోండి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. కెప్టెన్ చునీ గోస్వామి బెంగాలీ. జర్నైల్ సింగ్ పంజాబీ, ఫ్రాంకో గోవా, చంద్రశేఖర్ కేరళ. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. తలకు కట్టుతోనే ఫైనల్ ఆడి ఒక గోల్ కొట్టింది జర్నైల్. ఆ జట్టుకు స్పానిష్ క్లాసులూ లేవు, దుబాసీలూ లేరు.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి. నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను, సాయంత్రాలు మా దగ్గరి మైదానానికి వెళ్లి చూస్తుంటాను. అకాడమీ పిల్లలు కార్లో వస్తారు, కోచ్ ఇంగ్లిషులో చెప్పింది చేస్తారు, విజిల్ పడగానే సీసాలో నీళ్లు తాగి అదే కార్లో వెళ్లిపోతారు. వాళ్లలో మలయాళీ పిల్లలున్నారు, బెంగాలీ పిల్లలున్నారు, మణిపూర్ నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండేవాళ్లున్నారు. ఒకళ్ల ఇంటిభాష ఇంకొకళ్లకు తెలియదు, తెలుసుకునే తీరికే ఇవ్వరు. కంచె అవతల అపార్టుమెంటు కడుతున్న ఒడియా కూలీల పిల్లలు ఉత్త కాళ్లతో బంతి ఆడుతుంటారు. బంతి అటు పడితే తిరిగి విసిరేస్తారు, అంతవరకే పరిచయం. మన ఇళ్లలో ఇంకా అన్యాయం. బిడ్డకు ఇంగ్లిషు పాడవుతుందని తెలుగే మాట్లాడనివ్వరు. ఒక్క భాష మీద పెంచి, పెద్దయ్యాక ఐదు భాషలు రావాలంటే ఎక్కడి నుంచి వస్తాయి? లుకాకు అమ్మ ఇంట్లో లింగాలా మానేసి ఉంటే ఆయనకు అన్ని భాషలు వచ్చేవా?

కాబట్టి స్పానిష్ క్లాసు వద్దు. స్పెయిన్‌కు వెళ్లే రోజు వస్తే ఆ జట్టే నేర్పుతుంది. ఇంట్లో మీ తెలుగు మీరు నిండుగా మాట్లాడండి. ప్రాక్టీసు అయ్యాక కారు అరగంట ఆలస్యంగా తీసుకెళ్లండి. నెలకొకసారి హాస్టల్ పిల్లల్ని ఇంటికి భోజనానికి పిలవండి, మణిపూర్ కుర్రాడు మీవాడి పక్కన కూర్చుని తింటే చాలు. వీలైతే మీవాణ్ని కొన్నాళ్లు డిఫెన్స్‌లో ఆడించమని కోచ్‌ను అడగండి. గోల్స్ కొట్టడం లేదని ఒక ఏడాది బాధపడతాడు. పడనివ్వండి.