చూశాకే టిక్ పెట్టు, తల్లీ

తల్లీ,

నువ్వు అనస్థీషియా టెక్నీషియన్ కోర్సులో చేరుతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వినగానే నా గుండె పొంగింది. పడుకోబోయేసరికి బెంగ పట్టుకుంది. ముప్పై రెండేళ్లు మత్తు డాక్టర్ల పక్కన నిలబడ్డవాణ్ణి. ఎంతకీ నిద్ర పట్టక, లేచి లైటు వేసుకుని రాస్తున్నాను.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. "మత్తు మిషన్ చూసుకోవడమే కదా, అందులో కష్టమేముంది" అన్నావట అమ్మతో. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. కండరాలు సడలే మందు పడ్డాక టేబుల్ మీది మనిషి ఛాతీ కదలదు. తనంతట తాను ఒక్క ఊపిరి కూడా తీసుకోలేడు. అక్కణ్ణుంచి ఆ ఊపిరి బాధ్యత డాక్టరుది. డాక్టరు చెయ్యి చాచినప్పుడు అందాల్సిన ప్రతి వస్తువు బాధ్యతా నీది. చెయ్యి చాచాక వెతుక్కునే టైము అక్కడ ఉండదు.

చదువు గురించి ఎక్కువ చెప్పను. కొన్నిచోట్ల డిప్లొమా, కొన్నిచోట్ల డిగ్రీ. పేరేదైనా శరీరం, మందులు, పరికరాలు, వాటిని శుభ్రం చేసే పద్ధతులు నేర్పి, ఆ తర్వాత థియేటర్లలో పోస్టింగులు వేస్తారు. వాటిని మాత్రం ఎగ్గొట్టకు. ఫిజిక్స్ అంటే నీకు చిన్నప్పట్నుంచీ చిరాకని నాకు తెలుసు. ఈసారి దాంతో రాజీపడు. నైట్రస్ ఆక్సైడ్ సిలిండర్లో ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం ఉన్నంతసేపూ మీటరు ముల్లు 745 పీఎస్ఐ (ఒత్తిడి కొలత అది) చుట్టుపక్కలే నిలబడి ఉంటుంది. అది దిగడం మొదలైందంటే సిలిండర్ దాదాపు అయిపోవచ్చిందన్నమాట. ఆక్సిజన్ అలా కాదు, ముల్లు సగానికి దిగితే ఉన్నది సగమే. ఇది తెలియనివాడు రెండు ముళ్లనూ ఒకేలా చదివి మోసపోతాడు.

పొద్దున్నే చూడాల్సినవి నీకు పాఠంలోనే వస్తాయి. నోట్లో, గొంతులో చేరే తడిని సక్షన్ గట్టిగా లాగుతోందా, గొంతులోకి చూసే లారింగోస్కోప్ బల్బు వెలుగుతోందా, శ్వాసనాళంలోకి దించే ట్యూబు చివరి బుడగ, అదే కఫ్, గాలి నిలుపుతోందా, అనుకున్న సైజుకు ఒకటి పైదీ ఒకటి కిందదీ చేతికి అందేట్టు ఉన్నాయా. మిషన్ నుంచి మనిషికి గాలి మోసే గొట్టాల సర్క్యూట్ చివర మూసి, 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాకా ఎక్కిస్తే పది సెకన్లు నిలవాలి. వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చే సోడాలైమ్ గుళికల రంగు మాత్రం పొద్దున చూసి నమ్మకు. పనయిపోయిన గుళికలు ఊదా రంగుకు తిరుగుతాయి కదా, రాత్రంతా ఊరికే ఉంటే అవే మళ్లీ తెల్లబడతాయి. కేసు నడుస్తుండగానో, అయిపోయిన వెంటనేనో చూడు.

ఇక నా తప్పు చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

ఉద్యోగంలో నాకది నాలుగో ఏడు. చెయ్యి తిరిగిందన్న ధీమా వచ్చేసింది. మిషన్ వెనక ఆక్సిజన్ సిలిండర్ ఒకటి తగిలించి ఉంటుంది. గోడలోంచి ఆక్సిజన్ తెచ్చే ఆసుపత్రి పైప్‌లైన్ ఆగిపోతే అదే దిక్కు. రోజూ కీతో తిప్పి, ముల్లు చూసి, మళ్లీ గట్టిగా మూసెయ్యాలి. నిండుగా ఉంటే 2000 పీఎస్ఐ దగ్గర చూపిస్తుంది, లోపల దాదాపు 660 లీటర్లు ఉన్నట్టు. నిమిషానికి పది లీటర్లు వాడితే గంట పైచిలుకు వస్తుంది. ఆ రోజు తిప్పాను, చూశాను, నిండుగా ఉంది. ఇంతలో పక్క థియేటర్లోంచి ఎవరో పిలిచారు. మూయకుండానే వెళ్లిపోయాను.

తెరిచి ఉంటే ఏమవుతుంది అంటావా? పైప్‌లైన్ సరిగ్గా ఉన్నంతసేపూ ఏమీ కాదు. దాని ఒత్తిడి 50 పీఎస్ఐకి అటూఇటూగా ఉంటుంది. సిలిండర్ గ్యాసును రెగ్యులేటర్ అంతకంటే కొంచెం కిందికి దించుతుంది కాబట్టి మిషన్ పైప్‌లైన్ నుంచే తీసుకుంటుంది. కానీ పైప్‌లైన్ ఒత్తిడి కాసేపు తగ్గిందంటే, మిషన్ చడీచప్పుడు లేకుండా సిలిండర్లోంచి లాక్కుంటుంది. ఏ అలారమూ మోగదు. మా దగ్గర అప్పట్లో ఆ ఒత్తిడి రోజుకు రెండు మూడుసార్లు తగ్గేది. నాలుగు రోజులు అలా జరిగింది. ఆ నాలుగు రోజులూ నేను రిజిస్టర్లో టిక్ పెట్టాను. నిన్న నిండుగానే ఉందిగా, ఇవాళ ఎక్కడికి పోతుంది అనుకుని, కుర్చీలోంచి లేవకుండా పెట్టాను.

ఐదో రోజు ఒక పెద్దావిడకు కడుపు ఆపరేషన్. మొదలై గంట దాటింది. పైప్‌లైన్ ఒత్తిడి పడిపోయింది, ఆక్సిజన్ అలారం కూత పెట్టింది. డాక్టరుగారు నా వైపు తిరగకుండానే "సిలిండర్" అన్నారు. కీ పెట్టి తిప్పాను. తిరగలేదు. బిగుసుకుపోయిందేమోనని ఇంకా బలం పెట్టాను. అప్పుడు చూశాను ముల్లు వైపు, సున్నా మీద పడుకుని ఉంది. కీ తిరగనిది బిగుసుకుని కాదు తల్లీ, అది ఐదు రోజులుగా తెరిచే ఉంది.

వేలికి పెట్టే ఆక్సిమీటర్ బీప్ ఉంటుంది చూడు, రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ దాని శ్రుతి కిందికి జారుతుంది. మానిటర్ చూడక్కర్లేదు, చెవికే తెలుస్తుంది. 97, 94, 90. డాక్టరుగారు ట్యూబుకు ఆంబు బ్యాగు, అంటే చేత్తో నొక్కి ఊపిరి పంపే సంచి, తగిలించి మామూలు గాలే కొట్టడం మొదలుపెట్టారు, ఆవిడకు మెలకువ రాకుండా సూదిమందు ఇచ్చారు. నేను పక్క థియేటర్‌కి పరుగెత్తి సిలిండర్ మోసుకొచ్చాను. బిగించబోతే చేతులు వణికి వాషర్ జారి కింద పడింది. నేల మీద మోకాళ్లతో పాకాను. టేబుల్ చక్రం పక్కన దొరికింది. ఆ వెతుకులాట ఎంతసేపు పట్టిందో నాకిప్పటికీ తెలియదు, బీప్ మాత్రం చెవిలో ఉంది.

ఆవిడ బతికింది. ఏ లోటూ లేకుండా లేచింది. ఆ రోజు ఆమెను కాపాడిన ఆంబు బ్యాగు కూడా నేను సరిచూసి పెట్టింది కాదు. నా ముందు షిఫ్టులో చేసినతను తన పని తాను సరిగ్గా చేసి, దాన్ని మిషన్‌కి తగిలించి వెళ్లాడు. మర్నాడు వార్డుకి వెళ్లి ఆవిడ మంచం దగ్గర నిలబడ్డాను. "ఎవరు నాయనా" అంది. "నిన్న థియేటర్లో ఉన్నానమ్మా" అన్నాను. నా చెయ్యి పట్టుకుని "చల్లగా ఉండు" అంది. అంతకు మించి ఒక్క మాట నా నోట రాలేదు.

సాయంత్రం డాక్టరుగారు రిజిస్టర్ తెరిచి, "ఈ నాలుగింట్లో నిజంగా చూసి పెట్టినవి ఎన్ని?" అని అడిగారు. "ఒక్కటీ లేదు సార్" అన్నాను. ఆర్నెల్లపాటు రోజూ పొద్దున్నే వచ్చి నా పక్కన నిలబడి, నేను కీ తిప్పి మూశాకే సంతకం చేశారు. ఆయన పుణ్యాన ఈ ఉద్యోగంలో నిలబడ్డాను.

అందుకే అడుగుతున్నాను. వస్తువు చూడకుండా టిక్ పెట్టకు. ఎంత తొందర కేసైనా, ఎవరు కసిరినా సరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్ట్‌లో, మత్తు ఇవ్వకముందు అడిగే వాటిలో మిషన్, మందులు సరిచూశారా అన్న ప్రశ్న ఉంటుంది. దానికి డాక్టరుగారు "చూశాం" అనేది నీ టిక్కును నమ్మే. కీని గొలుసుతో మిషన్‌కే కట్టు. జేబులో ఒక వాషర్ ఎప్పుడూ ఉంచుకో. లీకవుతోందని రెండు వాషర్లు మాత్రం వెయ్యకు, ఒక్కో గ్యాసుకు ఒక్కో చోట ఉండే మిషన్ పిన్నులు సిలిండర్ గుంటల్లో సరిగ్గా కూర్చోవు, వేరే గ్యాసు సిలిండర్ కూడా అక్కడ పట్టేసే ప్రమాదం ఉంది. ఆక్సిజన్ దగ్గర నూనె చెయ్యి, గ్రీజు చెయ్యి పెట్టకు, మంట అంటుకుంటుంది.

ఇంకొకటి, కొత్త చోట చేరిన మొదటి రోజే డాంట్రోలీన్ అనే విరుగుడు మందు ఎక్కడ పెడతారో అడుగు. మత్తు మందు ఒంటికి సరిపడక ఒళ్లు వేడెక్కి కాలిపోయే మనిషి నీకు సర్వీసంతటిలో ఒక్కరు కూడా తగలకపోవచ్చు. తగిలితే కిలోకు 2.5 మిల్లీగ్రాములు కావాలి. పాత రకం సీసాలో ఉండేది 20 మిల్లీగ్రాములే, దాంట్లో 60 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి కరిగేదాకా కుదపాలి, సెలైన్ పనికిరాదు. డెబ్బై కిలోల మనిషికి మొదటి విడతకే తొమ్మిది సీసాలు. ఒక్కదానివల్ల కాదు, అందుబాటులో ఉన్నవాళ్లందర్నీ పిలిచి తలా ఒక సీసా చేతికివ్వు.

"డాక్టరుగారు దారిలో ఉన్నారు, ఈలోపు నువ్వు మొదలెట్టెయ్" అనేవాళ్లు తగులుతారు. చెయ్యనని చెప్పు. మందు ఎంతో, ఎప్పుడో తేల్చడం మన పని కాదు. ఉద్యోగం పోతుందని భయపెడితే నాకు ఫోన్ చెయ్యి.

టేబుల్ మీదికి వచ్చినవాళ్లు పైకి చూస్తూ పడుకుంటారు. వాళ్లకు కనిపించేది లైట్లు, మాస్కులే. ఛాతీ మీద స్టిక్కర్ అంటించే ముందు "చల్లగా తగులుతుందమ్మా" అని చెప్పు. వేలికి క్లిప్పు పెట్టేటప్పుడు ఆ చెయ్యి ఒక్క క్షణం పట్టుకుని ఉండు. చేతులు మంచులా ఉంటే మానిటర్ మీద నాడి తరంగం కూడా సరిగ్గా రాదు, కాసేపు నీ అరచేతిలో వెచ్చబెట్టు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు నువ్వు నా వేలు వదిలేదానివి కాదు. ఆ పట్టు ఎలా ఉంటుందో నీకు తెలుసు, నేర్పక్కర్లేదు.

మంచి బూట్లు కొనుక్కో. కేసుకీ కేసుకీ మధ్య కూర్చో, ఏదైనా తిను.

మొదటి నైట్ డ్యూటీ దిగగానే ఫోన్ చెయ్యి, తెల్లవారుజామైనా ఎత్తుతాను. మొదట "సిలిండర్ మూశావా" అనే అడుగుతాను, విసుక్కోకు. ఆ తర్వాత నువ్వు ఎంతసేపు మాట్లాడితే అంతసేపు వింటాను.

నీ మావయ్య