ఇంకో యాభై అడుగులు

అల్లుడా,

నిన్న పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. పది నిమిషాలు మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పి, పెట్టేసే ముందు నవ్వుకుంటూ, "నీ అల్లుడు అచ్చం నీ తీరే అయిండు తమ్మీ, ఇనుప తీగలు పట్టుకొని చెలకల నీళ్ళు చూస్తుండు" అంది. సంతోషం వేయలేదని అబద్ధం చెప్పను. ఫోన్ పక్కన పెట్టాక కూడా కాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ తర్వాత ఆమె అన్న రెండో మాట గుర్తొచ్చింది. వచ్చే ఆదివారం పక్కింటి కాక చెలకలో బోరు పాయింటు నువ్వే పెడుతున్నావట. ఈ ఉత్తరం ఆ మాట కోసమే. ఫోన్ చేస్తే "సరే మామా, సరే మామా" అని కట్ చేస్తావు.

నీ తీగల ఫొటో వాట్సాప్‌లో చూశాను. జీఐ వైరును ఎల్ ఆకారంలో వంచి, పట్టుకునే చోట బాల్‌పెన్ గొట్టాలు తొడిగావు. పని నీటుగా ఉంది. గొట్టం అడ్డం ఉంది, చెయ్యి తగలదు, కాబట్టి తిరిగితే తీగే తిరిగినట్టు అనుకుంటున్నావు కదా? అక్కడే పప్పులో కాలేశావు. గొట్టం వల్ల తీగ ఇంకా సులువుగా తిరుగుతుంది, అంతే. మా పెరటి తలుపు గుర్తుందా, బందు కాస్త వాలినందుకు ఎవరూ ముట్టకుండానే వచ్చి మూసుకునేది? నీ తీగా అంతే. మణికట్టు వెంట్రుకవాసి లోపలికి వాలితే రెండూ వచ్చి కలుస్తాయి. వాలిన సంగతి నీకే తెలియదు. 1852లో కార్పెంటర్ అనే ఇంగ్లండు డాక్టరు ఇలా తెలియకుండా జరిగే కదలికకు ఐడియోమోటార్ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడే ఫారడే అనే శాస్త్రవేత్త, నలుగురు చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే దయ్యాలు కదుపుతున్నాయని జనం చెప్పుకునే బల్లలకు పరీక్ష పెట్టి, తోస్తున్నది చుట్టూ కూర్చున్నవాళ్ళ చేతులేనని చూపించాడు. వాళ్ళలో మోసగాళ్ళెవరూ లేరు. నమ్మకంగానే తోశారు.

ఫారడే గురించి నేను పదో తరగతి పిల్లలకు అయస్కాంతాల దాకా చెప్పేవాణ్ణి. ఈ బల్లల సంగతి చాలా ఆలస్యంగా చదివాను. ఫిజిక్స్ సారుగా పొద్దంతా పాఠాలు చెప్పి, సాయంత్రం బడి వదలగానే వేప పంగలకర్ర పట్టుకుని జనం పొలాలకు పోయేవాణ్ణి. నవ్వకు.

అప్పుడు నర్సంపేట దగ్గర పనిచేసేవాణ్ణి. పాకాల చెరువు కింద పద్నాలుగు బోర్లకు పాయింటు పెట్టాను. ఒక్కటీ ఫెయిల్ కాలేదు. కొబ్బరికాయ అరచేతిలో లేచి నిలబడే ముసలాయన ఒకాయన ఉండేవాడు, ఆయన్ని వదిలి జనం నా దగ్గరికే రావడం మొదలుపెట్టారు. నాకు తల తిరిగింది. కాకతీయ గణపతిదేవుని కాలం నుంచి నీళ్ళు నిలబడి ఇంకుతున్న నేల అది. అక్కడ కళ్ళు మూసుకుని రాయి విసిరి, అది పడ్డచోట బోరు వేసినా ఇంచున్నర నీళ్ళు పడతాయి. అదీకాక, పచ్చగా ఉన్న గట్టు, మేడిచెట్టు, పుట్ట, వాలు ఎటుందో ఇవన్నీ నా కళ్ళు చూస్తూనే ఉన్నాయి. కళ్ళు చేతికి చెప్పాయి, చెయ్యి కర్రకు చెప్పింది, నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

అందుకే నీ తీగలు మొదటిసారే తప్పు చూపిస్తే బాగుండు అనుకుంటున్నాను. తప్పితే నలుగురు నవ్వుతారు, అక్కడితో అయిపోతుంది. కుదిరితేనే నాకు టెన్షన్.

2002లో వానలు మొహం చాటేశాయి. మరుసటి ఎండాకాలం జనగామ వైపు బావులన్నీ అడుగంటాయి. మీ బాపు కబురు పంపాడు, "బామ్మర్దీ, నువ్వొచ్చి చూస్తేనే వేస్తా" అని. వచ్చాను. మీ చెలక సంగతి నీకు తెలుసు, గుట్ట వాలు, పైన జానెడు ఎర్రమట్టి, కింద మొరం, దాని కింద గట్టి రాయి. పడమటి మూలకు వచ్చేసరికి కర్ర కిందికి గుంజింది. ఎంత గట్టిగా గుంజిందంటే బెరడు ఊడి అరచేతికి అంటుకుంది. మీ బాపు ఆ బెరడు తీసి కళ్ళకద్దుకున్నాడు.

తమిళనాడు బోరు బండి వచ్చింది. నూట అరవై అడుగుల దగ్గర రాతి పౌడరు తడిసి ముద్దగా వచ్చింది, అందరం లేచి నిలబడ్డాం. మరో రాడ్డు దిగేసరికి మళ్ళీ తెల్లటి పొడి పొగలా లేచింది. మూడు వందల దగ్గర బండి అతను ఆపి, చెయ్యి ఊపుతూ, "సార్, ఆపేద్దామా?" అని అడిగాడు. మీ బాపు నా మొహం చూశాడు. అప్పుడు ఆపేద్దాం అంటే సరిపోయేది. మన నల్లరాయిలో నీళ్ళుండేది పైన మెత్తబడ్డ పొరలో, పగుళ్ళలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి. ఇది నాకు తెలుసు. అయినా నలుగురి ముందు నా కర్ర అబద్ధమాడిందని ఒప్పుకోలేక, "ఇంకో యాభై" అన్నాను. మూడు వందల యాభై దగ్గర మళ్ళీ అదే మాట. నాలుగు వందల ఇరవై దగ్గర మీ బాపే లేచి, తువ్వాలతో మొహం మీది పౌడరు తుడుచుకుని, "చాలు బామ్మర్దీ" అన్నాడు. మీ అమ్మ ఏమీ అనలేదు. నాకు ఒక గ్లాసు చాయ్ తెచ్చిచ్చి, పశువుల దగ్గరికి పోయింది. ఆ నెలలోనే ఎడ్ల జత అమ్మేశారు. పాయింటు తప్పడం నా తప్పని ఇప్పటికీ అనుకోను, అల్లుడా. ఆ యాభై అడుగులే నా తప్పు. మీ బాపు ఈ రోజుకీ ఆ ఊసెత్తడు. ఒకసారి తిట్టినా నాకు బాగుండేది.

అంతటితో అయిందా? కాలేదు. బోరు పైభాగంలో దించిన కేసింగు పైపు వేరే చోట పనికొస్తుందని పీకేశారు. మొహం మీద ఒక పలకరాయి పెట్టి వదిలేశాం. నెల తర్వాత వచ్చి చూద్దును కదా, పలక పక్కకు జరిగి ఉంది. నాలుగేళ్ళ నువ్వు బోర్లా పడుకుని, గులకరాళ్ళు ఒక్కొక్కటే ఆ రంధ్రంలో వేసి చెవి పెట్టి వింటున్నావు. "మామా, దీనికి అడుగు లేదు" అన్నావు. ఆరున్నర ఇంచుల రంధ్రం, అంతే. కాళ్ళు పట్టుకుని వెనక్కి గుంజితే మోచేతులు గీరుకుపోయి నువ్వు ఏడుపు లంకించుకున్నావు. ఎత్తుకుని ఇంటిదాకా వచ్చాను కానీ మీ అమ్మకు అసలు సంగతి చెప్పలేకపోయాను. పడ్డాడు అని చెప్పాను. టీవీలో బోరుబావిలో పిల్లవాడు అని వార్త వస్తే నేను లేచి బయటికెందుకు పోతానో మీ అత్త ఎన్నోసార్లు అడిగింది. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

కాబట్టి కాక బోరు వేస్తే వేయనీ. ముందు వాల్టా చట్టం, అంటే నీళ్ళు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి తీసుకోమను. చుట్టుపక్కల బోర్లు ఎంత లోతు, ఏప్రిల్‌లో ఎంతసేపు పోస్తాయి, ఇవి అడిగి రాసుకో. భూగర్భ జలాల జియాలజిస్టుతో సర్వే చేయించమను. నాలుగు ఇనుప మేకులు దిగ్గొట్టి, బయటి రెండింటికి కరెంటు ఇచ్చి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలిచి, కింద రాయి ఎంతవరకు మెత్తగా తడిగా ఉందో అంచనా కడతారు. అదీ గ్యారంటీ కాదు, కానీ ఆ మీటరుకు పరువు పట్టింపు ఉండదు. ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో బండి రాకముందే కాగితం మీద రాసుకోండి. ఫెయిలైతే బండి వాళ్ళు పోకముందే పూడ్చాలి. అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టితో, రాళ్ళతో నింపాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. పలకరాయి చాలదు.

తీగలు పారేయమనడం లేదు. వాటితో ఆడుకోవచ్చు, కానీ పందెం కాయడానికి ఇంకొకరి ఎడ్లు ఉండకూడదు. జర్మనీలో 1980లలో ఒక పెద్ద కొట్టంలో, కింది అంతస్తులో నీళ్ళ గొట్టాన్ని బండి మీద అటూ ఇటూ జరుపుతూ, పైన నడిచేవాళ్ళను ఎక్కడుందో చెప్పమన్నారు. సుమారు ఐదు వందల మందిలోంచి ఏరిన 43 మంది, 843 సార్లు. కొందరికి నిజంగానే తెలిసిందని ఆ పరీక్ష పెట్టినవాళ్ళు అన్నారు. అవే లెక్కలను ఎన్‌రైట్ అనే అమెరికా శాస్త్రవేత్త మళ్ళీ చూసి, గుడ్డిగా చెప్పినా అంతే వస్తుందని తేల్చాడు. ఎవరి మాట నిజమో మనమే చూద్దాం.

శనివారం రాత్రికే మా ఇంటికి వచ్చెయ్, తీగలు తీసుకుని రా. పది బకెట్లు బోర్లించి, ఒక్కదాని కింద చెంబుతో నీళ్ళు పెడదాం. ఎక్కడ పెట్టిందీ నీకూ తెలియకూడదు, నాకూ తెలియకూడదు, పక్కన నిలబడ్డవాళ్ళకూ తెలియకూడదు. మీ అత్త పెట్టి లోపలికి పోతుంది. నా పాత పంగలకర్ర కూడా ఉంది, కరివేపాకు కొమ్మలు వంచడానికి వాడుతోంది, అడిగి తీసుకుంటాను. ఇరవై సార్లు నువ్వు, ఇరవై సార్లు నేను. లెక్క రాసేది మీ అత్తే. మనిద్దరి మీదా ఆమెకు ఏమాత్రం జాలి లేదు.

మీ మామ